ఐదుగురు కలిసి తీసిన రెండు నిమిషాల భయం

గ్రూప్ ప్రాజెక్టును కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలీదు. తెలిసుంటే బెంజి సర్కిల్లో ఆయన విగ్రహం పెట్టించమని ఈపాటికి వినతిపత్రం ఇచ్చి ఉండేవాణ్ణి. దాన్ని చెక్కడానికి ఒక్క శిల్పిని కాదు, ఐదుగుర్ని పెట్టమని కూడా రాసేవాణ్ణి. ఒకరు చెక్కుతారు. మిగతా నలుగురూ కాస్త దూరంగా నిలబడి ముక్కు ఇంకొంచెం ఇటు రావాలంటారు. ఆవిష్కరణ రోజున ఐదుగురికీ శాలువాలు!

నవ్వకండి. సీరియస్‌గానే అంటున్నాను.

మన రోజుల్లో పరీక్షలెలా ఉండేవి? ఎవరు చదివితే వాళ్ళకే మార్కులు. ఇంతకన్నా స్వార్థం ఉంటుందా? పక్కవాడు తొంగిచూస్తే పేపరుకి చెయ్యి అడ్డం పెట్టుకునే దుర్మార్గులుగా పెరిగాం. ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. ఒకరు కష్టపడితే ఐదుగురు పాసవుతున్నారు. సమసమాజం వస్తుందని ఎదురుచూసి ఎదురుచూసి పెద్దలు వెళ్ళిపోయారు గానీ, అది బెజవాడ కాలేజీల్లోకి ఎప్పుడో వచ్చేసింది.

నాకీ జ్ఞానోదయం మా అమ్మాయి ఏంజెల్ వల్ల కలిగింది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి నుంచి రోజూ సిటీబస్సెక్కి బెజవాడ వెళ్ళి, ఒక కాలేజీలో మీడియా కోర్సు చదువుతోంది, ఇప్పుడు ఆఖరి ఏడాది. పోయిన సెమిస్టర్‌లో వాళ్ళ లెక్చరర్ సాంబశివరావు గారు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఐదుగురు కలిసి ఒక థ్రిల్లర్ సినిమా తియ్యాలి. మొత్తం సినిమా కాదు, మొదలు మాత్రమే. టైటిల్స్‌తో కలిపి రెండు నిమిషాలు. చూసినవాళ్ళు భయపడాలి. తర్వాత ఏమైందో తెలీక గిలగిల్లాడాలి. రెండు నిమిషాలు దాటితే అసలు తెరమీద వెయ్యరు.

దీనికి ఇంకో ఆకర్షణ ఉంది. హైదరాబాదు నుంచి ఇందిరాదేవి గారని ఒక పేరున్న ఎడిటర్ వచ్చి సినిమాలన్నీ చూస్తారు. వేసవి సెలవుల్లో ఆవిడ ఎడిటింగ్ రూంలో పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకోవడానికి ఒక్కర్ని, ఒకే ఒక్కర్ని, తీసుకుంటారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మా ఏంజెల్‌కి అన్నం సయించలేదు. ఇంట్లో పాత పెళ్ళి వీడియోలు కూడా ఫోన్లో పెట్టుకుని ముక్కలు చేసి అతికిస్తూ కూర్చునేది. ఆ కుర్చీ తనకి కావాలని నాతో అనలేదు. తల్లితో అంది. జీవరత్నం నాతో అంది. మా ఇంట్లో పెద్ద విషయాలన్నీ ఈ రూట్లోనే వస్తాయి.

గ్రూపు ఏర్పడింది. కిరీటి దర్శకుడయ్యాడు. ఎందుకంటే వాట్సాప్ గ్రూపు పెట్టింది అతనే. అడ్మిన్‌ని మించిన దర్శకుడెవరు? చక్రి ఛాయాగ్రాహకుడు, ఎందుకంటే మంచి కెమెరా ఉన్న ఫోను అతనిది. రాఘవ ఎడిటర్, ఎందుకంటే లాప్‌టాప్ అతనిది. శాలిని కథానాయిక. కాస్ట్యూమ్స్ కూడా ఆ పిల్లవే, ఎందుకంటే చున్నీ ఆమెది. మా ఏంజెల్‌కి ఏ పదవీ రాలేదు. ఆమెకి సొంతంగా ఉన్నది పని ఒక్కటే. దానికి గ్రూపుల్లో పోస్టు ఉండదు.

మొదటి పదిరోజులూ కథాచర్చలు. చర్చలంటే మాటలా? గవర్నరుపేటలో ఏ టిఫిన్ సెంటర్‌లో అల్లం చట్నీ బావుంటుందో తేలాలి. సినిమా పోస్టర్‌లో ఎవరు ముందు నిలబడాలో తేలాలి. పోస్టర్ తయారై అందరి స్టేటస్‌ల్లోకీ ఎక్కాక, ఇంతకీ కథేంటని శాలిని అడిగింది. ఆ అడగడం కూడా మర్యాదకే అడిగింది.

అప్పుడు మా అమ్మాయి నోరు తెరిచింది. ఒక ఆవిడ ఒంటరిగా ఉంటుంది. బయట్నుంచి తాళం తీసుకుని ఇంట్లోకొస్తుంది. బల్లమీద కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ. రోజూ ఏనుగు మెడమీద కూర్చుని ఉండే మావటివాడు ఇవాళ లేడు. ఆవిడ చెయ్యి ఆ ఖాళీ మెడని తడుముతుంది. వెనకాల కిటికీలో మావటివాడు నిలబడి ఉంటాడు. అంతే కథ.

బావుందన్నారు. లొకేషన్ చూడాలని ఐదుగురూ కొండపల్లి వెళ్ళి ఖిల్లా ఎక్కి ఫోటోలు దిగి వచ్చారు. బొమ్మ కొనడం మర్చిపోయారు! మర్నాడు ఏంజెల్ ఒక్కతే వెళ్ళి కొనుక్కొచ్చింది. మావటివాడు విడిగా ఊడొచ్చేలా చేసివ్వమని బొమ్మలాయన్ని బతిమాలి చేయించుకొచ్చింది.

షూటింగ్ మా ఇంట్లోనే. ఆదివారం ఆరాధన అయి మేం చర్చి నుంచి వచ్చేసరికి యూనిట్ మా హాల్లో కూర్చుని ఉంది. జీవరత్నం అందరికీ కోడి పలావు వండింది. కిరీటి నా వాలుకుర్చీలో కూర్చుని రెండుసార్లు యాక్షన్ అన్నాడు. రెండోసారి నోట్లో ముక్క ఉండటం వల్ల సరిగా వినపడలేదు. చక్రి ఫోన్ ఇచ్చి నిద్రపోయాడు. మా అమ్మాయి ఆ ఫోన్ని స్టీలు డబ్బామీద పెట్టి, దుప్పటి కట్టి వెలుతురు ఆపి, బయట లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆగి, మళ్ళీ తీసింది. మధ్యమధ్యలో ఫేస్‌బుక్‌లో పెట్టుకోవడానికి నలుగురూ పని చేస్తున్నట్టు ఫోటోలు కూడా తీసింది. అవి చాలా సహజంగా వచ్చాయి. చూస్తే నాకే అనుమానం వచ్చింది, వీళ్ళు నిజంగానే పని చేశారేమోనని.

తర్వాత రాఘవ లాప్‌టాప్ వారం రోజులు మా ఇంట్లో ఉంది. రాఘవ లేడు, లాప్‌టాప్ మాత్రమే. సినిమా చక్కగా కుదిరింది. నేనూ జీవరత్నం చూసి, ఆ తర్వాత బల్లమీది బొమ్మని కాసేపు అల్మారాలో పెట్టేశాం.

ఇక మిగిలింది టైటిల్స్. అసలు సినిమా అంటే అదే కదండీ!

ముందు దేవుళ్ళు. గ్రూపులో ఏ మతానికీ అన్యాయం జరగకుండా మూడు కార్డులు. తర్వాత కాలేజీ కరస్పాండెంట్ గారి దివ్య ఆశీస్సులతో. వారి సతీమణి గారి ఆశీస్సులతో. ప్రిన్సిపాల్ గారి ప్రోత్సాహంతో. సాంబశివరావు గారి పర్యవేక్షణలో, ఫోటోతో సహా. హనుమాన్ జంక్షన్‌లో సిమెంటు షాపున్న రాఘవ మేనమామ గారి సమర్పణ. ఆయన ఏం సమర్పించారో ఎవరికీ తెలీదు గానీ, సమర్పించేవాళ్ళు ఒకరు లేకపోతే సినిమాకి నిండుదనం రాదు. కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం కిరీటి. ఈ కార్డుమీద మాత్రం నిప్పు రవ్వలు ఎగరాలన్నాడు. ఎగిరాయి. ఆ రవ్వలు కూడా మా అమ్మాయే ఎగరేసింది. అందరికన్నా చివర, సహకారం: ఏంజెల్.

అన్నీ పెట్టి చూస్తే రెండు నిమిషాలు దాటింది. మొదట కథలో కోశారు. ఆవిడ తాళం తియ్యడం పోయింది. నడిచి రావడం పోయింది. శాలిని ముఖం మొత్తం పోయింది. అయినా ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు, పేరు బంగారు అక్షరాల్లో ఉంది కాబట్టి. చివరికి బొమ్మ, చెయ్యి, కిటికీ మిగిలాయి. అప్పటికీ ఒక్క కార్డు ఎక్కువైంది.

ఏ కార్డు తీస్తారు? మీరే చెప్పండి. దేవుణ్ణి తియ్యలేం. కరస్పాండెంట్ గారిని తీస్తే మనల్ని తీసేస్తారు. సిమెంటు మేనమామ గారు ఫీలవుతారు. కిరీటి చాలాసేపు ఆలోచించి, దర్శకుడిగా ఆ సినిమాకి సంబంధించి తీసుకున్న ఒకే ఒక్క నిర్ణయం అప్పుడు తీసుకున్నాడు.

"నీ పేరు తీసెయ్యి ఏంజెల్. వాళ్ళంటే బయటివాళ్ళు. నువ్వు మన మనిషివే కదా."

ఎంత ఆప్యాయమైన మాట! మన పెళ్ళిళ్ళలో చివరి పంక్తి దాకా వడ్డించి, చల్లారిన అన్నం తినే వాళ్ళందరికీ మనం చెప్పే మాటే ఇది. తీసేసింది. తన పేరు తన చేత్తోనే తీసేసుకుంది, ఎందుకంటే తియ్యడం వచ్చింది గ్రూపులో ఆమె ఒక్కదానికే.

ప్రదర్శన రోజున తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. వెళ్ళాం. సెమినార్ హాలు నిండిపోయింది. ఒక్కో పేరు పడుతుంటే ఈలలు, చప్పట్లు. కరస్పాండెంట్ గారి ఫోటోకి లేచి నిలబడ్డారు కొందరు. నిప్పు రవ్వలకి కాగితాలు ఎగరేశారు. తర్వాత బొమ్మ వచ్చింది. చెయ్యి వచ్చింది. కిటికీ వచ్చింది. ఈలలు ఆగిపోయాయి.

ఇందిరాదేవి గారు ఆ చివరి ముక్క మళ్ళీ వెయ్యమన్నారు. చూశారు. ఎడిటర్ ఎవరని అడిగారు. టైటిల్స్‌లో ఉన్నది రాఘవ కాబట్టి రాఘవ లేచాడు. మంచి కుర్రాడే, చెమటలు పట్టాయి.

"అక్కడ ముఖం ఎందుకు వెయ్యలేదు? చెయ్యి దగ్గరే ఎందుకు ఆగావు?" అన్నారావిడ.

రాఘవ పక్కకి చూశాడు. పక్క సీట్లో మా అమ్మాయి. గ్రూపు మునిగిపోతుంటే చూస్తూ కూర్చోలేకపోయింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని అందించింది. అతను పైకి చెప్పాడు.

"ముఖం చూపిస్తే భయం ఆవిడదైపోతుందండీ. చెయ్యి ఒక్కటే చూపిస్తే భయం మనదవుతుంది."

హాలంతా చప్పట్లు. ఇందిరాదేవి గారు ఈ వేసవికి నా పక్క కుర్చీ నీదేనయ్యా అన్నారు. రాఘవ మేనమామ గారు వెనక వరసలోంచి లేచి చుట్టూ నమస్కారాలు పెట్టారు. జీవరత్నం నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. ఆ కుర్చీ నా కూతురిదండీ. ఈ ఒక్క వాక్యం దగ్గర నాకు వ్యంగ్యం చేతకావడం లేదు, క్షమించండి.

మర్నాడు సాంబశివరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కాఫీ తెప్పించి, చాలా మర్యాదగా ఇంకో సంగతి చెప్పారు. టైటిల్స్‌లో పేరు లేదు కాబట్టి ఏంజెల్ ఈ ప్రాజెక్టులో పనిచేసినట్టు ఆధారం లేదట. పోనీ షూటింగ్ ఫోటోలు చూద్దామని ఆయనే తీసి చూశారు. ఏ ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. తీసినవాళ్ళు ఫోటోలో ఎలా ఉంటారండీ? మిగతా నలుగుర్నీ పిలిచి అడిగారు. ఏంజెల్ చాలా సహకరించిందని నలుగురూ ఒకే మాటగా, ఎంతో ప్రేమగా చెప్పారు. సహకారానికి మార్కుల్లేవన్నారు సార్.

కాబట్టి శిక్ష పడింది. ఏంజెల్ మళ్ళీ ఒక ప్రాజెక్టు చెయ్యాలి, ఈసారి గ్రూపు లేకుండా ఒంటరిగా. సాంబశివరావు గారికి నిజంగా బాధ కలిగింది. ఐదుగురు చెయ్యాల్సింది ఒక్కదానివే ఎలా చేస్తావమ్మా, చెయ్యగలవా అని అడిగారు.

చెయ్యగలనండీ అంది. చేసింది. ఈసారి ఆవిడ తాళం తీసింది, నడిచొచ్చింది, అన్నీ చేసింది. కాకపోతే ఆ ఆవిడ జీవరత్నం. మా ఆవిడ తన ఇంట్లోకి తనే అంత భయంగా రాగలదని నేనెప్పుడూ అనుకోలేదు. టైటిల్స్‌కి ఒక్క కార్డు సరిపోయింది. దానిమీద ఇద్దరి పేర్లే ఉన్నాయి, తల్లిదీ కూతురిదీ.

మార్కుల కాగితం వచ్చింది. కథకి నిండు మార్కులు. కెమెరాకి, ఎడిటింగ్‌కి, శబ్దానికి అన్నిటికీ నిండుగానే వేశారు. సాంబశివరావు గారు నిజాయితీపరులు. అందుకే టీమ్ వర్క్ అన్న గడిలో సున్నా వేశారు. టీమే లేనప్పుడు ఎలా వేస్తారు? కింద ఎర్రసిరాతో, విద్యార్థిని నలుగురితో కలిసి పనిచెయ్యడం నేర్చుకోవాలి అని రాశారు.

ఆ కాగితం చూసి జీవరత్నం నావైపు తిరిగి, పేపర్లో రాస్తారు కదా, రాయండి, మీకు ఇంకేం చేతనవుతుంది అంది. రాస్తున్నాను.

పోయిన వారం కాలేజీ తెరిచారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టు పదిహేను నిమిషాల సినిమా, మళ్ళీ గ్రూపుగానే. నలుగురూ మా ఇంటికొచ్చారు, వేసవంతా హైదరాబాదులో ఉండొచ్చిన రాఘవతో సహా. పెద్దవాళ్ళం కదా, మాకు నమస్కారాలు పెట్టారు. ఆంటీ పలావు గురించి చక్రి తల్చుకున్నాడు. వాట్సాప్ గ్రూపు పెట్టేశానని, ఏంజెల్‌ని అందులో కలిపేశానని కిరీటి చెప్పాడు.

మా అమ్మాయి లోపలికెళ్ళి మార్కుల కాగితం తెచ్చి అతని చేతికిచ్చింది.

"నలుగురితో కలిసి పనిచెయ్యడం నాకు రాదని సార్ రాసిచ్చారు కిరీటీ. నేనుంటే మీ ప్రాజెక్టు పాడైపోతుంది."

కిరీటి కింద ఎర్రసిరా దాకా చదివాడు. పాపం, జాలిపడ్డాడు. ఫర్వాలేదు, మేం నలుగురం ఎలాగోలా అడ్జస్టవుతాంలే అన్నాడు.

"వద్దు, మీకెందుకు ఇబ్బంది," అంది ఏంజెల్.

రాఘవ తలెత్తి, మరి ఎడిటింగ్ ఎవరు చేస్తారని అడిగాడు. ఆ గ్రూపు పుట్టాక వాళ్ళ నోట ఆ ప్రశ్న వినపడటం అదే మొదటిసారి. జీవరత్నం టీ ఇచ్చింది. తాగి వెళ్ళిపోయారు.

ఆ కాగితానికి నేను లామినేషన్ చేయించి ముందుగదిలో మేకుకి తగిలించాను. ఎల్‌కేజీ నుంచి మా అమ్మాయికి ఎన్నో మార్కులొచ్చాయి గానీ, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ ఆపి నేను చూపిస్తున్నది ఆ సున్నా ఒక్కటే.