వరుసలో ముందున్న ఆవిడ

ఆ రోజుకి టైలరు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. లేవడం, కాఫీ తాగడం, తొమ్మిదింటికల్లా వచ్చే ట్రయలు బొమ్మని విప్పి నిలబెట్టడం, సాయంత్రం బస్సు వేళకి భార్య కోటు పూర్తి చెయ్యడం. కాఫీ వరకు అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

బయట మంచు దట్టంగా పట్టి ఉంది. వీధికి అటుపక్క ఇళ్ళు ఉన్నాయన్నది కేవలం నమ్మకం మీద ఆధారపడిన విషయంగా మారింది. ముందు గది షాపు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక పరదా. ఆ పరదా వెనక నుంచి పెట్టె జిప్పు లాగిన చప్పుడు వినబడింది.

"నిజంగానే వెళ్తున్నావటోయ్?" అన్నాడు మాస్టారు.

"బట్టలు సర్దుతుంటే అబద్ధంగా వెళ్తున్నట్టు కనబడుతోందా? అక్క తన కార్ఖానాలో చోటుంది రమ్మంది. మీరు కుట్టే నా కోటు పూర్తయితే వేసుకుని వెళ్తా, నాలుగు రోజులుండి వచ్చేస్తా. కాకపోతే అక్కడే కొనుక్కుంటా, అక్కడే ఉండిపోతా."

"అంతా కట్ చేసి పెట్టాగా. ఒక్కసారి ట్రయలుకి నిలబడ్డావంటే..."

"నిలబడి నిలబడి నా కాళ్ళు అరిగిపోయాయని పోయిన వారమే చెప్పా. ఇంకెవర్నైనా నిలబెట్టుకోండి."

పోయిన వారం కూడా ఆవిడ ఆ మాట కోపంతోనే అంది. మాస్టారు దాన్ని సలహాగా తీసుకున్నాడు. ఎవరేమన్నా కొలతలాగే రాసుకోవడం ఆయనకి వృత్తిలోంచి వచ్చిన జబ్బు. అప్పుడే ఫోన్లో ఒక కంపెనీని వెతికి పట్టుకుని, ఒంటి కొలతలు ఇస్తే అచ్చం అలాంటి బొమ్మనే చేసి పంపుతామంటే, ఆవిడ కొలతలన్నీ టేపు ముట్టకుండా జ్ఞాపకంలోంచి తీసి ఇచ్చాడు. ఎడమ భుజం కొద్దిగా కిందికి ఉంటుందని కూడా ఇచ్చాడు. చెప్పిన వేళకి రాకపోతే పరిహారం ఇస్తామని కంపెనీ హామీ.

ఈయన్ని వీధిలో అందరూ 'రేపటి మాస్టారు' అంటారు. అలాగని సోమరి కాడు. పొద్దస్తమానం మిషను తొక్కుతూనే ఉంటాడు. ప్రతి బట్టా మొదలుపెడతాడు, ఏదీ ముగించడు. షాపు నిండా ఒంటి చెయ్యి చొక్కాలు, కాలరు లేని కోట్లు, నడుం పట్టీ వెయ్యని ప్యాంట్లు హ్యాంగర్లకి వేలాడుతుంటాయి. ఎవరైనా తలుపు తెరిస్తే ఆ గాలికి అవన్నీ ఒక్కసారిగా గుమ్మం వైపు తిరుగుతాయి. వచ్చింది తమ మనిషేనా అని చూసి, కాదని మళ్ళీ యథాస్థానంలోకి వెళ్ళిపోతాయి.

తొమ్మిది దాటింది. బొమ్మ రాలేదు. మాస్టారు ఫోన్ చేశాడు.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్," అంది అవతలి గొంతు. మెత్తని గొంతు. చింత అన్నది దానికి ఏ కోశానా లేదు. "మీ బొమ్మ బయల్దేరింది సర్."

"ఎక్కడిదాకా వచ్చిందమ్మా?"

"దారిలో ఉంది సర్."

"ఏ దారిలో?"

"మీ దగ్గరికి వచ్చే దారిలో సర్."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "చెప్పిన టైముకి ఇవ్వలేనివాళ్ళు అసలు చెప్పడం దేనికి? ఇక్కడో మనిషి పనులన్నీ మానుకుని ఎదురుచూస్తుంటాడన్న ఇంగితం ఉండక్కర్లా? ఆలస్యమైతే పరిహారం ఇచ్చి తీరాలి. అది ధర్మం!"

"తప్పకుండా సర్. పరిహారంగా ఇంకో బొమ్మని ఉచితంగా పంపిస్తున్నాం. గంటలో అందుతుంది. గ్యారంటీ సర్."

మూల కుర్చీలో కూర్చున్న పళ్ళ డాక్టరు చేతిలోని పేపరు మెల్లిగా దించాడు. ఆయన తెల్లకోటు ఆ షాపులో కుడి చెయ్యి కోసం నిరుటి నుంచి ఎదురుచూస్తోంది.

"ఏమన్నారు మాస్టారూ? ఇందాకటిది మళ్ళీ అనండి."

"మీతో కాదు డాక్టరుగారూ, కంపెనీవాళ్ళతో."

"ధర్మం అన్నారు. కంపెనీకొక ధర్మం, మీకొక ధర్మం ఉంటుందేంటి?"

సమాధానం కోసం ఆగకుండా డాక్టరు మంచులోకి వెళ్ళిపోయాడు. నోళ్ళు తెరిపించడం ఆయన వృత్తి. మధ్యాహ్నానికల్లా వీధిలో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. ఆలస్యమైన ప్రతి బట్టకీ రేపటి మాస్టారు పరిహారం ఇస్తున్నాడట. ముందొచ్చినవాళ్ళకి ముందట.

ఈలోగా గంట గడిచింది. రెండో బొమ్మా రాలేదు. దాని ఆలస్యానికి పరిహారంగా మూడోది బయల్దేరింది. ఆ మూడింటి ఆలస్యానికీ విడివిడిగా పరిహారం లెక్కగట్టారు. రాని బొమ్మలు కోళ్ళలాగా పిల్లల్ని చేస్తూ పోయాయి.

"తల్లీ, నాకు ఇంకేమీ వద్దు. ఆ మొదటిది పంపించు చాలు," అన్నాడు మాస్టారు చివరికి.

"హక్కు వదులుకోకండి సర్. మీరు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు కదా, లోపలికి వెళ్ళండి. చలిగా ఉంది."

మాస్టారు చటుక్కున అటూ ఇటూ చూశాడు. నిజంగానే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వీధిలో మంచు తప్ప ఎవరూ లేరు.

మధ్యాహ్నం దాటాక ఒక వ్యాను చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. హెల్మెట్ తియ్యని ఒక మనిషి దిగాడు. నడుం చుట్టూ చెయ్యేసి ఒక బొమ్మని దించాడు. తల నుంచి మడమల దాకా బూడిదరంగు గుడ్డ ముసుగు.

"ఎక్కడ నిలబెట్టమంటారు?"

"ఇదిగో, కౌంటరు దగ్గర."

అతను వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. మరొకటి తెచ్చాడు. "ఒరే నాయనా, నేను కొన్నది ఒక్కటేనయ్యా!" అన్నాడు మాస్టారు.

"నాకవేమీ తెలీదు సార్. ఎన్నుంటే అన్నీ దించమన్నారు."

షాపు ఇరుకు. అందుకని అతను కౌంటరు దగ్గర మొదలుపెట్టి, వసారా మీదుగా మెట్ల దాకా వాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టుకుంటూ పోయాడు. చివరిదాన్ని దించి, ఎందుకో దానికి నమస్కారం పెట్టి, వ్యానెక్కాడు. అప్పుడే కరెంటు పోయింది.

మాస్టారికి భయపడే తీరిక లేదు. బస్సుకి ఎంతోసేపు లేదు. కౌంటరు దగ్గరి బొమ్మ ముసుగు లాగాడు. ముఖం లేదు. కానీ ఆ మెడ, ఆ వాలిన ఎడమ భుజం చూడగానే ఆయన చెయ్యి తెలియకుండానే వెనక్కి వచ్చింది. అడగకుండా ముట్టుకోబోయానన్న సంకోచం కలిగింది. ఆ సంకోచం ఇంట్లో మనిషి విషయంలో ఎప్పుడు పోయిందో ఆయనకి గుర్తు లేదు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, వీధికి వీపు తిప్పి, పనిలో పడ్డాడు.

పళ్ళ డాక్టరు వచ్చేసరికి మంచులో వరుస కనబడింది. ఇంతమంది ముందే వచ్చేశారా అని నొచ్చుకుంటూ, చివరన ముసుగేసుకున్న ఆవిడ వెనక నిలబడ్డాడు.

"అమ్మా, కాస్త ముందుకి జరుగుతారా?"

ఆవిడ జరగలేదు.

లెక్కల టీచరమ్మ వచ్చి డాక్టరు వెనక నిలబడింది. "ఎంతసేపటి నుంచి ఉన్నారు? మా ఆయన లావయ్యారని ప్యాంటు వదులు చెయ్యమని ఇచ్చానండీ. ఈ మాస్టారు కుట్టేలోగా ఆయన లావు తగ్గి, మళ్ళీ లావయ్యారు. ఏం, కదలట్లేదా?"

"ముందావిడ కదలట్లేదు."

"గట్టిగా అడగండి, చెవుడేమో."

"అడిగాను. ఆవిడ ముందావిడ కూడా కదలట్లేదు. ఊపిరి పీలుస్తున్నట్టు కూడా లేదు."

"పరిహారం అంటే అంతేనండీ. ఊపిరి బిగపట్టుకుని నిలబడాలి," అంది టీచరమ్మ. ఎవరో నవ్వబోయి మానేశారు. వెనక ఇంకా ఇంకా జనం చేరారు. కాని వరుస ముందు భాగంలో ఉన్న నిశ్శబ్దం అంటువ్యాధిలా ఒక్కొక్కరి మీదుగా వెనక్కి పాకింది. మొదట మాటలు ఆగాయి. తర్వాత దగ్గులు ఆగాయి. కాసేపటికి చేతులు కట్టుకున్నవాళ్ళు కట్టుకున్నట్టే, మెడ వంచినవాళ్ళు వంచినట్టే ఉండిపోయారు.

మాస్టారు ఒకసారి తల తిప్పి చూశాడు. వరుస మెట్లు దిగి మంచులోకి పోయింది. ఒక ఆకారానికి పొట్ట ఉంది, మరొకదానికి టోపీ ఉంది. కంపెనీ మగ బొమ్మల్ని కూడా పంపుతోందని ఆయన నిట్టూర్చి, మళ్ళీ పనిలో పడ్డాడు.

మెడ పట్టీ వేస్తుంటే బొమ్మ స్టాండు ఒకపక్కకి ఒరిగింది. దాన్ని గోడకి ఆనించి, కోటు విప్పి, చీకట్లో పరదా పక్కన నిలబడి ఉన్న ఇంకో ఆకారానికి తొడిగాడు. అదీ బూడిదరంగు శాలువాలోనే ఉంది.

"ఇదేమిటి, ఇంత వదులేంటి?" అని గొణిగాడు. "ఇచ్చిన కొలత ఒకటి, పంపింది ఒకటి. ఒక్కడికీ పని మీద శ్రద్ధ లేదు." నడుం దగ్గర గుప్పెడు బట్ట పట్టి సూది గుచ్చాడు. వీపు దగ్గర ఇంకొంత పట్టాడు. చేతులు పని చేస్తుంటే నోరు దానంతటది మొదలైంది.

"నీకు చెప్తే ఏం, నీకు చెవుల్లేవుగా. కోటు కుట్టడం ఎంతసేపు? పూటలో అయిపోద్ది. అయిపోయాక? మా ఆవిడ తొడుక్కుని వెళ్ళిపోద్ది. అందరూ అంతే. చొక్కా చేతికిచ్చామంటే మళ్ళీ ఇటు తొంగి చూస్తారా? ఒక చెయ్యి మిగిల్చామనుకో, తిట్టడానికైనా వస్తారు. ఆవిడ కోటు కుట్టనంత కాలం, అయిందా అని అడగడానికైనా నా దగ్గరికి రావాలిగా. ఈ మధ్య అదీ అడగడం మానేసింది. అప్పుడు భయం వేసిందోయ్ నాకు."

ఆకారం కదలలేదు. కదలకుండానే, "చంక కింద ఇంకాస్త పట్టండి," అంది.

మాస్టారి నోట్లోంచి గుండుసూదులు జలజలా రాలాయి. ఆయన కూలబడిన చోట హ్యాంగర్ల వరుస ఉంది. ఒంటి చేతుల చొక్కాలన్నీ ఆయన మీద పడ్డాయి. అంతకంటే పెద్ద గందరగోళం బయట జరిగింది. అంతసేపూ ఉలకని పలకని ఆ వరుస మొదట్లోంచి ఒక మాట వచ్చిందని ముందు డాక్టరుకి అర్థమైంది. ఆయన వెనక్కి గెంతాడు. టీచరమ్మ ఆయన్ని నెట్టింది. ఆ తోపులాటకి చివరి బొమ్మ ముసుగు జారి, ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేకుండా డాక్టరు భుజం మీదికి వాలింది. రోజూ ఎందరివో కేకలు వినే డాక్టరు, ఆ రోజు తన కేక తాను విన్నాడు.

జనం అటు వీధి దాకా పరుగెత్తి, పరిహారం గుర్తొచ్చి ఆగి, మెల్లిగా గుమ్మం దాకా వెనక్కి వచ్చారు.

లోపల, గుట్టలోంచి ఒక్కొక్క చొక్కా తీసి పక్కన పెడుతూ భార్య మాస్టారి ముఖం వెతికి పట్టుకుంది. ఆవిడ ఒంటి మీద కోటు ఉంది, పరదా పక్కన పెట్టె ఉంది.

"చెప్పి వెళ్దామని వచ్చా. మీరే తొడిగారు," అంది. తర్వాత గోడకి ఒరిగి ఉన్న బొమ్మ వైపు చాలాసేపు చూసింది. "ఈవిడెవరు?"

"నువ్వే."

"నేను కాదు. నేను ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో ఈవిడ ఉండేది. మీరు ఎన్నాళ్ళ నుంచి ఈవిడకి కోటు కుడుతున్నారండీ?"

మాస్టారు బయటికి చూశాడు. వసారా దాకా ఆ పాత మనిషే వరుసగా నిలబడి ఉంది. ఏ ఒక్కతీ ఇటు చూడటం లేదు. ఎదురుగా ఉన్న మనిషి చిక్కిపోయింది. ఎప్పుడు చిక్కిందో చెప్పగలిగినవాడు తానొక్కడే అయ్యుండాల్సింది. ఆయన లేచి, మెడలో టేపు తీసి, మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టాడు. ఆవిడ నిలబడింది. మణికట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన టేపు అక్కడే రెండుసార్లు చుట్టి చూశాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వీధి చివర బస్సు హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. వెళ్ళిపోయింది.

"పోయింది," అంది భార్య. "కోటు ఆలస్యం చేశారు. బస్సు తప్పింది. పొద్దుట ఫోన్లో ధర్మం అని అరిచారుగా, పరదా వెనక నాకు వినబడుతూనే ఉంది. ఇప్పుడు నాకేం ఇస్తారు?"

"ఏది కావాలంటే అది తీసుకో."

ఆవిడ చుట్టూ చూసింది. ఒంటి చేతి చొక్కాల్ని, ముసుగుల్ని, గుమ్మం అవతల బితుకుబితుకుమంటున్న తలల్ని చూసింది. కోటు చేతులు పైకి మడుచుకుని మిషను ముందు కూర్చుంది.

"డాక్టరుగారూ, లోపలికి రండి. మీ కోటుకి ఒక చెయ్యేగా తక్కువ?"

"నేను ఇక్కడే ఉంటానమ్మా," అన్నాడు డాక్టరు వీధిలోంచి. "ఎవరు మాట్లాడుతున్నారో తేలేదాకా నేను రాను."

"సరే. ఏమండీ, ఆయన ఒళ్ళూ మీ ఒళ్ళూ ఒకటే. ఇటొచ్చి నిలబడండి."

మాస్టారు వెళ్ళి బొమ్మల పక్కన నిలబడ్డాడు. ఆవిడ తెల్లకోటు తొడిగి, చెయ్యి ఎత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు. మిషను చప్పుడు మొదలై, ఒక కుట్టు చివరి వరకు వెళ్ళి, తెగి, ఆగింది. ఆ షాపులో అలా ఆగడం వీధి జనం ఎన్నడూ విని ఎరగరు. డాక్టరు కోటు గుమ్మం దాకా చేతులు మారుతూ వెళ్ళింది. రెండు చేతులు ఉన్నాయో లేవో డాక్టరు లెక్కబెట్టుకున్నాడు. తర్వాత టీచరమ్మ ప్యాంటు వంతు వచ్చింది. మాస్టారు వదులుకి ఒకసారి, బిగుతుకి ఒకసారి నిలబడ్డాడు. మధ్యలో అక్క ఫోన్ చేస్తే, "రావట్లేదక్కా, ఇక్కడే పని దొరికింది," అని ఆవిడ దారం తెంపుతూ చెప్పింది.

మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి ఆ మెత్తని గొంతు.

"మీ బొమ్మలన్నీ అందాయా మేడమ్?"

"అందాయి. ఒకటి మాత్రం ఎక్కువైంది. నిలబడమంటే నిలబడుతుంది కాని, రాత్రిళ్ళు గురక పెడుతుంది. వెనక్కి తీసుకుంటారా?"

"ఎప్పటిది మేడమ్?"

"పెళ్ళినాటిది."

పొద్దుటి నుంచి మొదటిసారి ఆ గొంతు కాస్త తడబడి, వాపసు గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, అసౌకర్యానికి నిజంగానే చింతిస్తున్నామనీ చెప్పింది.