అధ్యక్షులవారి బంపర్

పళ్ల డాక్టరుగారి కారు తాతల కాలం నాటిది. తయారై ఆర్నెల్లయింది. ఈ రెండు మాటల్లో అబద్ధం ఏదని అడిగేవారెవరూ పాత కార్ల పరిరక్షణ సంఘంలో సభ్యులు కాజాలరు.

సదరు సంఘం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. పూర్వకాలపు వాహన సంపదను భావితరాలకు భద్రంగా అందించడం దాని ఆశయం. అందించడానికి సభ్యుల్లో ఎవరి దగ్గరా పూర్వకాలపు వాహనం లేకపోవడంతో తలా ఒకటి కొత్తగా చేయించుకున్నారు. పడవలు చేసే షెడ్డులో ఫైబర్‌తో ఒళ్లు పోస్తారు. దాన్ని ఏ చిన్న కారు అడుగుభాగం మీదో కూర్చోబెడతారు. గుండ్రటి దీపాలు, పొడుగాటి ముక్కు, పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు, అన్నీ వస్తాయి. బంపర్లు మాత్రం రావు. అవి ఎవరికి వారే వెతుక్కోవాలి.

వెతుక్కోవడానికి ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. సంఘం హాల్లో అసలు కారు ఫొటో ఒకటి వేలాడుతోంది. స్థాపకులవారు సకుటుంబంగా ఆ కారు ముందు నిలబడి తీయించుకున్నారు. పెద్ద కుటుంబం. పిల్లలు ముందు వరసలో బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. బంపర్ వాళ్ల వెనకాల ఎక్కడో ఉండే ఉంటుందని సంఘం నమ్మకం. కనిపించనిదాని గురించి కొట్లాటలెందుకని, అధ్యక్షులవారి కారుకున్న బంపరే అసలైన బంపరని తీర్మానించేశారు. ప్రతిపాదించినది అధ్యక్షులవారే. బలపరిచినవారికి ఆ సాయంత్రం కాఫీ ఇప్పించినదీ ఆయనే.

ఈ అధ్యక్షులవారు మన డాక్టరుగారికి తోడల్లుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మామగారింట్లో పెళ్లయిన నాటినుంచీ పెద్దల్లుడికి పడక కుర్చీ, చిన్నల్లుడికి స్టూలు. మామగారు తన డెబ్బయ్యో పుట్టినరోజున కారులో ఊరంతా ఊరేగుతానన్నారు. చిన్నల్లుడి కారు సంఘం తనిఖీలో నెగ్గితే దాన్నే ఎక్కుతాననీ, నెగ్గకపోతే పోయినేడులాగే పెద్దల్లుడి కారనీ తేల్చి చెప్పారు. ఆ ఒక్క రోజు మామగారు తన కారెక్కితే చాలు, మిగతా జీవితమంతా స్టూలు మీద గడిపేయడానికైనా డాక్టరుగారు సిద్ధపడ్డారు. తీరా చూస్తే కారుకి బంపర్లు లేవు. ఆయన కంటికది బోసినోరులా కనిపించి, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

ఇంటిపేరు నిలబెట్టడానికి బావమరిది ముందుకొచ్చాడు. అతనికి వెల్డింగు షెడ్డుంది. పెద్దబావ బంపర్ బిగించింది అతనే. అది ఎక్కడిదో పైవాళ్లెవరికీ చెప్పనని ఒట్టు కూడా వేశాడు. చిన్నబావ పైవాడు కాదు కనుక చెప్పాడు. అది పాత ఐస్‌క్రీం బండిది.

అసలైన బంపర్ ఐస్‌క్రీం బండిదని తేలాక ఇక డాక్టరుగారికి పట్టపగ్గాల్లేవు. తుక్కు కొట్లన్నీ గాలించారు. చివరికి అలాంటి బండే ఒకటి దొరికింది గానీ, దాని బంపర్ సగం తుప్పు తినేసింది. ఆ సగానికి అంబులెన్సు బంపర్ ముక్క అతికించాలని నిర్ణయమైంది. వెనక వైపుకి పాల వ్యానుది తలకిందులుగా బాగానే అమరింది.

కొలత తప్పకూడదని డాక్టరుగారు తన విద్యనంతా ధారపోశారు. పళ్ల అచ్చు తీసే పిండి క్లినిక్కులో ఉన్నదంతా బకెట్లలో కలిపి కారు ముందు భాగానికి మెత్తారు. వరండాలో కూర్చున్న రోగులు బుగ్గలు పట్టుకుని ఈ శాస్త్రీయ ప్రయోగాన్ని ఓపిగ్గా తిలకించారు. అచ్చు ఊడిరావడం దివ్యంగా ఊడివచ్చింది. ఎడమ దీపం కూడా దానితోనే వచ్చింది.

బావమరిది ఆ అచ్చుని కళ్లకద్దుకుని పక్కన పెట్టి, బంపర్ కోసేశాడు. ముందు కోసి తర్వాత కొలవాలన్నది అతని పద్ధతి. కోశాక కదా ఎంత తగ్గిందో తెలిసేది. జానెడు తగ్గింది. ఆ జానెడూ అత్తగారి పాత ఇనప మంచం పట్టీతో పూడ్చి, మొత్తానికి తళతళలాడే పూత పెట్టించాడు. డాక్టరుగారి భార్య వచ్చి ఎదురుగా నిలబడి చూసింది.

"ఏమండీ, అచ్చం మా నాన్నకి మీరు కట్టిన పళ్లసెట్టులా ఉందండీ" అంది.

దాన్ని ఆయన మెచ్చుకోలుగానే తీసుకున్నారు.

తనిఖీ రోజు, మామగారు కూడా వచ్చి చూస్తుండగా, అధ్యక్షులవారు కారు చుట్టూ తిరిగారు. వంగి చూశారు, వేలితో తట్టారు. ఆయన ముఖం నల్లబడింది. వంక పెడితే తన బంపర్‌కే పెట్టినట్టవుతుంది. గత్యంతరం లేక నెగ్గించారు. సరిగ్గా అప్పుడే గేటులోంచి పొగలు కక్కుకుంటూ ఒక కారు వచ్చి ఆగింది. నడుపుతున్న పెద్దావిడ దిగి, రేడియేటరులో పొయ్యడానికి ఓ బకెట్టు నీళ్లిప్పించమంది. కారు వాళ్ల నాన్నది. రోజూ కూరగాయలు తెచ్చుకోవడానికి వాడుతుందిట. వెనక సీట్లో సొరకాయలున్నాయి.

సంఘం మొత్తం ఆ కారుని చుట్టుముట్టింది. అదే ముక్కు, అవే దీపాలు, అదే మెట్టు. బంపర్ దగ్గరికి వచ్చేసరికి అందరూ పెదవి విరిచారు. సన్నటి పట్టీ, మెరుపు లేదు, ఒక చివర కాస్త వంకర. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని ఉపన్యసించారు.

"అమ్మా, మీ ఉత్సాహాన్ని సంఘం అభినందిస్తోంది. కానీ ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది మీ బంపర్. మా కార్లు చూడండి, అన్నీ ఒక్కలా ఉన్నాయి. సత్యం ఒక్కటే కదా తల్లీ! ఎవరో మీ నాన్నగారిని మోసం చేసి నకిలీ అంటగట్టారు. ఇది కాదనేవాళ్లెవరైనా ఉన్నారా? అవుననేవాళ్లు చేతులెత్తండి."

"అలాగే కానీ బాబూ. నీళ్లు మాత్రం ఇప్పించు" అంది పెద్దావిడ.

డాక్టరుగారు ఆ బంపర్ దగ్గర వంగి ఉన్నారు. పళ్లు చూసి బతికే మనిషాయన. కట్టుడు పళ్లు బారులు తీరి ఉంటాయి. సొంత పళ్లు ఎక్కడో ఒక చోట వంకర తిరుగుతాయి. ఇది సొంత పన్నే, సందేహం లేదు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తల ఎత్తితే ఎదురుగా మామగారు, కొత్త చొక్కా వేసుకుని, డాక్టరుగారి కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు. ఆయన మాట మింగేసి, అందరికన్నా ముందు చెయ్యెత్తారు. మనసులో సిగ్గుపడ్డారు కూడా. ఎత్తిన చెయ్యి దించడానికే కుదరలేదు.

పుట్టినరోజు ఊరేగింపు వైభవంగా జరిగింది. ముందు బంపర్ గలగలా మేళం వాయిస్తుంటే దారి పొడవునా జనం చేతులూపారు. మలుపు దగ్గర మామగారు ముందుకు వంగారు.

"అల్లుడూ, ఆ పెద్దావిడ కారు అసలుదే. పెళ్లయిన కొత్తలో మీ అత్తయ్యని దాన్లోనే తిప్పాను. వాళ్ల నాన్న అద్దెకిచ్చేవాడు."

డాక్టరుగారి కాలు బ్రేకు మీద పడింది. "మరి ఆ రోజు చెప్పలేదేం మామయ్యగారూ?"

"చెప్తే దాన్నే ఎక్కాలిగా. ఆ సీట్లకి అప్పట్లోనే నడుం పట్టేసింది. నీది మెత్తగా ఉంది. పోనీ, పోనీ."

ఆ సాయంత్రం పడక కుర్చీ చిన్నల్లుడికి వేశారు. స్టూలు మీద కూర్చోవడం వెన్నెముకకి మంచిదని పెద్దల్లుడు వచ్చినవారందరికీ వివరించారు.

కొన్నాళ్లకి పెద్దావిడ క్లినిక్కుకి వచ్చింది. పంటికోసం కాదు.

"కారెక్కడ ఆపినా నకిలీ కారని నవ్వుతున్నారు బాబూ. ఈ వయసులో నాకెందుకొచ్చిన గొడవ? ఆ బంపరేదో నాకూ పెట్టించు" అంది.

అసలు సంగతి ఆవిడకి చెప్పేద్దామని డాక్టరుగారి మనసు ఒకసారి కొట్టుకుంది. పడక కుర్చీ గుర్తొచ్చి సర్దుకుంది. ఆయనే దగ్గరుండి బావమరిది షెడ్డుకి తీసుకెళ్లారు. అతను తన పద్ధతి ప్రకారం ముందు కోశాడు. ఆ తర్వాతి తనిఖీలో పెద్దావిడ కారు ప్రథమ స్థానంలో నెగ్గింది. ఆలస్యంగానైనా అసలు దారికి వచ్చినందుకు అధ్యక్షులవారు శాలువా కప్పారు.

ఆవిడ పాత బంపర్ ముక్క ఇప్పుడు క్లినిక్కులో చేతులు కడుక్కునే చోట తువ్వాలు ఆరేసుకునే కమ్మీగా ఉంది. అది వంకరగా ఉందనీ, తీసేసి మంచిది పెట్టించమనీ రోగులు మూతి తుడుచుకుంటూ సలహా ఇస్తుంటారు. చూద్దామంటారు డాక్టరుగారు.

ఇదంతా చదివి మీకు నవ్వొస్తోందని తెలుసు. హాయిగా నవ్వండి. నోరు మరీ పెద్దగా తెరవకండి, అంతే. బారులు తీరిన పళ్లు కనబడితే డాక్టరుగారు పైకేమీ అనరు గానీ, ఒక్క క్షణం ఆగి చూస్తారు.