ఎర్ర గొడుగు వెంట నలభైమంది

ఆ పొద్దున సోషలు టీచరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి మ్యూజియం, పన్నెండింటికి భోజనం, సాయంత్రం రైలెక్కి రెండో మహానగరం. పిల్లలకు పెద్ద ఊళ్లు చూపిస్తానని హెడ్‌మిస్ట్రెస్‌గారి చుట్టూ మూడేళ్లు తిరగ్గా, ఆవిడ ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. ఒక్క పిల్ల ఒక్క నిమిషం కంటికి కనబడకుండా పోయినా, ఇక ఆ బడిలో యాత్ర అన్న మాటే వినపడకూడదు.

అందుకని టీచరమ్మ నెల్లాళ్లు తాలీము ఇచ్చింది. ముందు ఎర్ర గొడుగు పట్టుకుని తను, వెనకాల ఇద్దరిద్దరుగా నలభైమంది, అందరికన్నా చివర డ్రిల్లు మాస్టారు. గొడుగు కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. నోరెత్తకూడదు. చూసిందల్లా నోటుపుస్తకంలో రాసుకోవాలి. పిల్లలు ఎంత బాగా నేర్చారంటే, బళ్లో ఆవిడ ఎండకని గొడుగు విప్పినా లేచి వరసలో నిలబడేవారు.

మ్యూజియం మెట్ల మీద రెయిన్‌కోట్లతో అందరినీ నిలబెట్టి, గొడుగు మడిచి, టిక్కెట్ల కోసం లోపలికి వెళ్లింది. పావుగంటకు బయటికొచ్చి చూస్తే మెట్లు ఖాళీ. పిల్లలేరని గుమ్మం దగ్గర అడిగింది.

“ఎర్ర గొడుగాయన వెంట వెళ్లారమ్మా,” అన్నాడు కాపలాదారు. “ముచ్చటగా ఇద్దరిద్దరు. మీవారేమో అనుకున్నా.”

“మావారు ఊళ్లో ఉన్నారయ్యా. మా మాస్టారేరీ?”

“ఆయనా వెళ్లారు. చివర్న.”

మాస్టారికి ఫోను చేస్తే, మోత ఆవిడ సంచీలోంచే వచ్చింది. తడుస్తుందని పొద్దున తనే తీసి దాచింది మరి.

ఆ గొడుగాయన ఒక ముసలి దర్జీ. చిరిగిన గొడుగుకు, మిగిలిపోయిన ఎర్ర గుడ్డ వేసి తనే కుట్టుకున్నాడు. తన కొట్టు ముందున్న మురుగు కాలువకు మూత వేయించమని ఆరేళ్లుగా ప్రతి వారం పురపాలక ఆఫీసుకు వెళ్తాడు. ఆ రోజూ వానకు మ్యూజియం మెట్ల మీద కాసేపు ఆగి, గొడుగు విప్పి తన దారిన తాను నడిచాడు. వెనక్కి తిరిగి చూసే పని ఆయనకేముంది?

టీచరమ్మ పరుగు తీసింది. కూడలిలో పోలీసాయన, రెండు వైపులా బళ్లన్నీ ఆపి మరీ పంపించానని గర్వంగా చెప్పాడు. టీ కొట్టువాడు గొంతు తగ్గించి, పోయిన పెద్దమనిషి ఎవరని అడిగాడు. అంత మౌనంగా నడుస్తున్నారంటే సంతాప యాత్రే అనుకుని, టీ తాగుతున్న పన్నెండుమంది గ్లాసులు దించి వెంట వెళ్లారట. అంతలో ఫోను మోగింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు.

“పిల్లలేం చేస్తున్నారు?”

“నడుస్తున్నారండీ.”

“ఎక్కడికి?”

“అదే చూస్తున్నానండీ.”

చివరికి పురపాలక ఆఫీసు రెండో అంతస్తులో, ఎడమవైపు గదిలో దొరికారు. ఆవిడ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. దర్జీ అధికారి ముందు అర్జీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక నలభైమంది నోటుపుస్తకాలు తెరిచి, నోరెత్తకుండా రాసుకుంటున్నారు. అధికారి చెమట తుడుచుకుంటే అదీ రాశారు. వాళ్ల వెనక మాస్టారు ఛాతీ విరిచి నిలబడ్డాడు. మెట్ల నిండా తలలు వంచుకుని ఆ పన్నెండుమంది.

ఆరేళ్లలో ఒక్కసారైనా తలెత్తి చూడని ఆ అధికారి లేచి, దర్జీకి తన కుర్చీ జరిపి, కాగితం మీద సంతకం పెట్టాడు. “రేపు పొద్దున్నే మూత పడుతుందండీ,” అన్నాడు. “ఈ పిల్లల్ని రాయడం ఆపమనండి.”

అప్పుడు వెనక్కి తిరిగిన దర్జీ, కుర్చీలో కూలబడ్డాడు.

టీచరమ్మ మూడుసార్లు లెక్కపెట్టింది. నలభైమందీ ఉన్నారు. అయినా పిల్లలు కంటికి కనబడకుండా పోయింది ఒక్క నిమిషం కాదు, గంట పైమాటే. అబద్ధమాడటం చేతకాక, హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఫోను చేసి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసినట్టేనని కళ్లు మూసుకుంది.

హెడ్‌మిస్ట్రెస్‌గారు అడిగింది మాత్రం వేరు.

“ఆ సంతకం ఎంతసేపట్లో పెట్టాడమ్మా?”

“పది నిమిషాలండీ.”

“మన బడి కప్పు బాగుచేయించే ఫైలు నాలుగేళ్లుగా కదలడం లేదు. ఆ ఆఫీసు మీరు రేపు దిగే ఊళ్లోనే ఉంది. అక్కడి కోట ఆ తర్వాత చూద్దురుగాని. పిల్లలకు పెన్సిళ్లు చెక్కించి పెట్టు.”

మరుసటేడు నుంచి ఆ బడి విజ్ఞానయాత్ర చూడవలసిన స్థలాల జాబితాలో కోటలూ లేవు, మ్యూజియాలూ లేవు, ఆఫీసు గదుల నంబర్లున్నాయి.