తప్పిపోయిన బిల్కిస్

కొత్త ఉద్యోగంలో మొదటి రోజు కాబట్టి పోనిమ్మన్న చోటికి బండి పోనిచ్చి, ఆపమన్న చోట ఆపి, మధ్యాహ్నానికి రూముకు చేరి అన్నం తినాలని తిరుపాలు ఆ ఉదయం గట్టిగా అనుకున్నాడు. అంతకు మించి అతనికి ఏ ఆశా లేదు.

ఈ అరబ్బు దేశంలో అతనికి డ్రైవరు పని ఇప్పించింది గిరి. గోదావరి జిల్లావాడు. అల్ ఘర్రాఫాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. పని ఇప్పిస్తూ గిరి ఒక్క ముక్క చెప్పాడు. "ఆయన పెద్ద డాక్టరు. హైదరాబాదాయన. ఎదురు ప్రశ్నలేస్తే ఆయనకి గిట్టదు. చెప్పింది చెయ్యి, నోరు మూసుకో."

గిరికి కూడా తెలియని సంగతి ఒకటుంది. డాక్టర్ ఫసీయుద్దీన్ సూది మందు వేసే డాక్టరు కాదు. జంతుశాస్త్రం చదివి డాక్టరైన మనిషి. ఎడారి ఉడుముల వీపు మీద అగ్గిపెట్టెంత రేడియో యంత్రం అతికించి, అవి ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో చప్పుడును బట్టి కనిపెట్టడం ఆయన పరిశోధన. ఒక్కో ఉడుముకు ఒక్కో పేరు పెట్టుకుంటాడు. ముందు రోజు సాయంత్రం తనే కారు నడుపుకుంటూ ఊరి బయట ఉన్న ఉమ్ సలాల్ వెళ్ళి, అక్కడి పొలాల అవతల ఒక ఆడ ఉడుముకు యంత్రం అతికించి వదిలి వచ్చాడు. దాని పేరు బిల్కిస్.

తిరుపాలు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలోని డాక్టరు ఇంటికి చేరేసరికి డాక్టరు గేటు ముందు కారు పక్కన నిలబడి ఉన్నాడు. తలకు ఇయర్‌ఫోన్లు, మెడలో ఒక పెట్టె, చేతిలో ఇంటి కప్పు మీద ఉండాల్సిన టీవీ యాంటెనా లాంటి వస్తువు. కళ్ళు పెద్దవి చేసుకుని నాలుగు దిక్కులా తిరుగుతున్నాడు.

"తిరుపాలు నువ్వేనా? బిల్కిస్ ఇక్కడికొచ్చింది! నిన్న పొద్దుగూకి ఉమ్ సలాల్‌ల ఇసుకల వదిలిపెట్టి వస్తే, రాత్రికి రాత్రి నా వెంబడే వచ్చింది!"

ప్రశ్నలు వేయకూడదని గుర్తుండగానే తిరుపాలు నోరు జారింది. "ఒక్కతే వచ్చిందా సార్?"

"ఒక్కతే! వాళ్ళ జాతిల ఎవ్వరు ఇల్లు విడిచి దూరం పోరు. గడప దాటాలంటేనే భయం వాళ్ళకు. అసువంటిది ఇంత దూరం!"

తిరుపాలుకు గుండె తరుక్కుపోయింది. గడప దాటని ఇల్లాలిని తీసుకుపోయి ఇసుకలో వదిలిపెట్టి కారేసుకుని వచ్చేశాడా ఈయన? చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడే!

"విను, ఆమెదే" అంటూ డాక్టరు ఇయర్‌ఫోన్లు తీసి అతని చెవులకు పెట్టాడు. టక్, టక్, టక్ మని ఆగకుండా ఒకటే చప్పుడు. మనిషి కనబడకపోయినా గుండె చప్పుడు వినిపించే యంత్రాలు వచ్చేశాయన్నమాట. రాయచోటిలో ఉన్న తన పెళ్ళాం ఆంజనమ్మ గుండె వినాలంటే ఇంకెంత పెద్ద యాంటెనా కావాలో అనుకున్నాడు తిరుపాలు.

"యల్లా, బండి తియ్యి. బిల్కిస్ దొరకాలె. ఈ నెలాఖరులోపు కొత్త సంగతి ఏదన్న చూపియ్యకపోతే నా కాంట్రాక్టు ఖతం అన్నది కమలాదేవి మేడమ్."

కమలాదేవి డాక్టరు పనిచేసే పరిశోధన సంస్థకు పెద్ద. మొగుడూ పెళ్ళాల గొడవకు ఆఫీసు మేడమ్‌కు సంబంధమేమిటో తిరుపాలుకు అంతుపట్టలేదు. ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది. డాక్టరు పోతే డ్రైవరూ పోతాడు. కాబట్టి ఆ తల్లి ఎక్కడున్నా వెతికి పెట్టాలి.

కారు బయలుదేరింది. డాక్టరు వెనక సీట్లో కూర్చుని యాంటెనాను కిటికీలోంచి బయటికి చాచాడు. ఎడమకు పోనిమ్మంటే ఎడమకు, కుడికి అంటే కుడికి పోనిచ్చాడు తిరుపాలు. ఎటు పోయినా చప్పుడు తగ్గలేదు.

"అరె, మనతోపాటే వస్తున్నది!" అన్నాడు డాక్టరు.

తిరుపాలు అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఒక నీళ్ళ ట్యాంకరు, దాని వెనక పాకిస్తానీ టాక్సీ. ఆడమనిషి జాడ లేదు. "బండి ఈ స్పీడులో పోతాంటే ఎట్ల వస్తాది సార్?"

"అదే కదా రిసర్చి!"

ఊరి అవతలి కొసన, గిరి ఉండే అల్ ఘర్రాఫాలో విల్లాల మధ్య ఒక సందులో ఆపించాడు డాక్టరు. దిగి నలువైపులా నడిచి చూశాడు. కారుకు దూరంగా పోతే చప్పుడు సన్నబడుతోంది, దగ్గరికొస్తే పెరుగుతోంది. కారు ఆగిన చోట, గోడ వారగా, మరమ్మతు కోసం తవ్విన గుంతలో ఒక డ్రైనేజీ గొట్టం నోరు తెరుచుకుని ఉంది. డాక్టరు దాన్ని చూశాడు. దాన్ని చూడగానే ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అంత చదువుకున్న మనిషికి ఆ క్షణాన గొట్టం కనబడింది కానీ కారు కనబడలేదు.

మూల మీద ఉన్న మలబారు కొట్టుకు పరుగెత్తి ఫోను అందుకున్నాడు. తిరుపాలు వెనకాలే వెళ్ళి విన్నాడు. "మేడమ్, జల్ది రండి. బిల్కిస్ డ్రైనేజీ పైపులల్ల తిరుగుతున్నది. అవును మేడమ్, పైపులల్లనే! ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ నుంచి లోపల్లోపలే వచ్చింది!"

పాపం, మనిషికి మతి చలించింది అనుకున్నాడు తిరుపాలు. ఇక ఆలస్యం చేస్తే ఈయన గొట్టంలోకి దిగేలా ఉన్నాడు. ఎదురు వరసలో గిరి కారు కడుగుతూ కనబడితే ఒక్క ఉరుకులో వెళ్ళి సంగతంతా చెప్పాడు.

గిరి గుడ్డ పిండటం ఆపేశాడు. "బిల్కిసా? మా ఎదుటి విల్లాలో వంటకి కొత్తగా ఒకావిడ చేరిందిరా. పేరు బిల్కిసే! మీ వైపు యాసే. ఎవరితోనూ మాటాడదు, ఎప్పుడు చూసినా దిగులుగా ఉంటాది."

"ఆయమ్మే అప్పా! అలిగి వచ్చి వంటపనిలో చేరిండాది."

"డాక్టరు గారి పెళ్ళాం వంటపనా? ఎంత అలిగినా మరీనా!"

"ఇసుకలో వదిలిపెట్టి వస్తే ఏం జేస్తాది మరి?"

ఇద్దరూ ఆ విల్లా వెనక గుమ్మం దగ్గర నిలబడి పిలిచారు. బిల్కిస్ మదనపల్లె మనిషి. మొగుడు ఆమెను ఇక్కడికి పంపించాక ఒక్క జాబు కూడా రాయలేదు. దిగులంతా దానికే.

"అమ్మా, మీ ఆయన వచ్చినాడు. నీకోసం వీధంతా ఎతుకుతా ఉండాడు" అన్నాడు తిరుపాలు.

చేతులకున్న పిండి కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చింది ఆమె. అప్పుడే డాక్టరు కొట్టులోంచి బయటికొచ్చాడు.

"సార్, బిల్కిస్ దొరికింది!" అని తిరుపాలు అరిచాడు.

"దొరికిందా? జిందా ఉన్నదా? తోకకు దెబ్బ తగల్లేదు కద?"

"ఎవరికి తోక?" అంది బిల్కిస్.

డాక్టరు ఆమెను పట్టించుకోకుండా కారు చుట్టూ చూస్తున్నాడు. "ఏది? ఏడున్నది?"

"ఎదురుగా ఉండాది కద సార్! బాగా చూడండి. చిక్కిపోయినట్టుంది, అంతే."

"ఈమె ఎవరు?"

"వీడెవరు?" అని బిల్కిస్ కూడా అప్పుడే అడిగింది. "మా ఆయన యాడ? నన్ను పిలిచింది ఈ యాంటెనావాడా?"

డాక్టరు అయోమయంగా ఇయర్‌ఫోన్లు పెట్టుకుని యాంటెనా ఎత్తాడు. బిల్కిస్ కారు తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. చప్పుడు చెవులు పగిలేలా వచ్చింది. ఆయన యాంటెనాను ఆమె తల నుంచి కాళ్ళ దాకా మెల్లగా దించాడు. "నీ దగ్గర్నే ఉన్నది!"

"నా దగ్గర ఏముందయ్యా? గోధుమపిండి ఉంది!" అని ఆమె ఆ పిండి చేతితోనే యాంటెనాను పక్కకు నెట్టింది. "దాన్ని నాకేసి చూపించినావంటే విరిచి పొయ్యిలో పెడతా!"

గిరి అప్పటికే తన బాల్చీ తీసుకుని గేటు లోపలికి వెళ్ళిపోయాడు. తిరుపాలు కారు దగ్గరికి జరిగాడు. మొగుడూ పెళ్ళాలు వీధిలో పోట్లాడుకుంటే ఎవరైనా పోలీసులను పిలుస్తారు. పోలీసులు వస్తే ముందు అడిగేది డ్రైవరునే. ఏదో ఒకటి చేయాలి. కారు వెనక తలుపు బార్లా తెరిచి, "సార్, అమ్మా, లోపల ఏసీలో కూర్చోని మాట్లాడుకోండి. సంసారమన్నాక నాలుగు మాటలొస్తాయి" అని బతిమాలాడు.

సీటు కిందనుంచి ఒక మొండి తల బయటికొచ్చింది. తర్వాత లావాటి ఒళ్ళు, వీపు మీద నల్లటి పెట్టె, ముళ్ళ తోక. ఆ ఉడుము మెట్టు మీద ఆగి అందరినీ ఒకసారి తీరిగ్గా చూసింది.

బిల్కిస్ వేసిన కేకకు మలబారు కొట్టువాడు బయటికొచ్చాడు. ఉడుము కిందికి దూకి, డాక్టరు కాళ్ళ సందులోంచి దూసుకుపోయి, గుంతలో ఉన్న గొట్టంలోకి మాయమైంది.

"బిల్కిస్! బిల్కిస్!" అంటూ డాక్టరు గుంత దగ్గరికి పరుగెత్తి బోర్లా పడుకున్నాడు.

"నేనిక్కడుంటే అక్కడ పిలుస్తాడేం?" అంది బిల్కిస్.

తిరుపాలు గొట్టం వైపు, డాక్టరు వైపు, తెరిచిన కారు తలుపు వైపు వరసగా చూశాడు. "సార్, బిల్కిస్ అంటే... అదా?"

"మరి ఎవరనుకున్నవ్?"

డాక్టరు లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంటూ కారుకేసి చూసి నీరుగారిపోయాడు. "నిన్న దాన్ని వదిలేటప్పుడు కారు తలుపు వేసిన్నా లేదా? యా అల్లా! పొద్దుగాల్నుంచి దాన్ని ఎన్క కూర్చోబెట్టుకుని దానికోసమే తిరిగిన. మేడమ్‌కు ఏం చెప్పాలె?"

చెప్పుకునే వ్యవధి లేకుండానే కమలాదేవి కారు వచ్చి ఆగింది. బిల్కిస్ తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. కమలాదేవి పలకరింపులేమీ లేకుండా ఇయర్‌ఫోన్లు లాక్కుని చెవులకు పెట్టుకుంది. యాంటెనా అటూ ఇటూ తిప్పింది. చప్పుడు స్పష్టంగా ఒక్క గొట్టం వైపు నుంచే వస్తోంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నేను నమ్మలేదండీ ఫసీయుద్దీన్ గారూ. తాగి ఫోన్ చేశారనుకున్నాను. నిజంగానే పైపులో ఉంది! ఇంత దూరం పైపుల్లో ప్రయాణం! ఇలాంటిది ప్రపంచంలో ఎవరూ చూసి ఉండరు. మీ కాంట్రాక్టు సంగతి నాకొదిలేయండి."

డాక్టరు నిజాయితీపరుడు. ముఖం కందిపోగా గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, అది పైపుల రాలేదు. నా కార్ల వచ్చింది."

ఆవిడ భుజం తట్టింది. "ఎంత పెద్ద విజయం సాధించినా మీకు ఈ వేళాకోళం పోలేదు. ఏమయ్యా డ్రైవర్, నువ్వు చూశావా?"

తిరుపాలు చేతులు కట్టుకున్నాడు. "చూసినా మేడమ్. ఎనక సీటు కింద కూర్చోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ నుంచి మాతోనే వచ్చింది."

ఆ ఉదయం నుంచి ఆ వీధిలో మాట్లాడిన మాటల్లో తిరకాసు లేని నిజాలు ఆ రెండే కాబట్టి, కమలాదేవి మేడమ్ పొట్ట పట్టుకుని నవ్వింది.