పక్కటెముకల మీద చెయ్యి

మా కౌంటీ సంతలో పశువులను పెంచరు. ఇది నా సొంత మాట కాదు. పశువుల కొట్టం నెత్తిన గజమెత్తు అక్షరాలతో రాయించారు: "ఇక్కడ మనం పెంచేది పశువులను కాదు, పిల్లలను." ఏటా జులైలో సంత కమిటీ వారు ఆ అక్షరాలకు కొత్త రంగు వేయిస్తారు. ఆ బోర్డు కిందే కాటా ఉంటుంది. దాని మీదికి పశువులు మాత్రమే ఎక్కుతాయి.

అక్కడి ప్రదర్శన బరికి గేటు తీసేది నేనే. పిల్లలు కోడెలను నడిపించుకుని లోపలికి వచ్చేటప్పుడు తీస్తాను, బయటికి పోయాక మూస్తాను. నోటితో పని లేని ఉద్యోగం. అందుకే ఇన్నేళ్ళుగా ఎవరికీ వదలకుండా పట్టుకున్నాను.

ఈసారి మా తమ్ముడు డ్వేన్ వీబోల్ట్ తన కూతురు లినెట్‌ను పెంచదలిచాడు. ఆ పిల్లకు పదమూడేళ్ళు. పెంపకానికి కావలసిన సామగ్రి మొక్కజొన్న కోతలయ్యాక ట్రక్కులో దిగింది. విత్తులు కొట్టించిన నల్ల కోడె. పొడుగు నడుం, పొగరు చూపు. లినెట్ దానికి గవర్నరు అని పేరు పెట్టింది.

"అదేం పేరమ్మా?" అన్నాను.

"ఎంత పిలిచినా పలకడు పెదనాన్నా. తొట్టి నిండితేనే ఇటు చూస్తాడు."

ఈ పిల్లకు కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేదని నాకు అప్పుడే అనిపించింది. కానీ కార్యక్రమం మొదలైపోయింది.

పిల్లల చేత కోడెను పెంచించి సంతలో పోటీకి నిలబెట్టే ఈ కార్యక్రమం ఉద్దేశం బాధ్యత నేర్పడం. కోడెకు మేత పెట్టి, నీళ్ళు పోసి, కడిగి, నడిపించే పని అంతా పిల్లలే చెయ్యాలని నిబంధన. లినెట్ బడి బస్సు రాకముందే లేచి అన్నీ చేసేది. మంచు పడే రోజుల్లోనూ చేసింది. కొన్నాళ్ళకు డ్వేన్‌కు ఒక సందేహం వచ్చింది. మొక్కజొన్న నూక ఒక పాలు ఎక్కువైతే కోడెకు కడుపుబ్బరం, తక్కువైతే ఒంటికి పట్టదు. ఇంత సున్నితమైన వ్యవహారం పిల్ల చేతిలో పెట్టడం బాధ్యత అనిపించుకోదు కనుక మేత కలిపే పని తను తీసుకున్నాడు. కడగడం, డ్రయ్యరుతో బొచ్చు ఆరబెట్టడం తల్లి కార్లీన్ తీసుకుంది. వేసవి రాగానే దువ్వి, కత్తిరించి, ముస్తాబు చెయ్యడానికి పక్క జిల్లా నుంచి రాడెమాకర్ అనే నిపుణుణ్ణి కుదిర్చారు. ఇలా బాధ్యతలన్నీ ఒక్కొక్కటే తీసేయగా చివరకు లినెట్‌కు బాధ్యత అలవడింది. పగ్గం పట్టుకుని నిలబడేది.

మా వైపు కోడె అందమంతా బొచ్చులోనే ఉంటుంది. వేడికి బొచ్చు రాలుతుంది, చల్లదనానికి ఒత్తుగా పెరుగుతుంది. కనుక జూన్‌లో మేడ మీద లినెట్ గది కిటికీకి ఉన్న ఏసీని విప్పి కొట్టంలో బిగించారు. గవర్నరు గారు రగ్గులాంటి బొచ్చుతో, ఏసీ చల్లగాలికి కన్నులు అరమోడ్చి నెమరు వేసేవారు. లినెట్ తడి తువ్వాలు కప్పుకుని పడుకునేది. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. అడిగారు, సరేనంది. బాధ్యతాయుతమైన పిల్ల.

కోడెల పెంపకంలో ఆఖరి ఘట్టాన్ని మేము తుదిమెరుగు అంటాం. తోలు కింద, పక్కటెముకల మీద పలచని కొవ్వు పొర సమంగా పరుచుకోవాలి. అది కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. డ్వేన్‌కు మా నాన్న నేర్పిన పద్ధతి ఇది. ఎడమ చెయ్యి పిడికిలి బిగించి కణుపుల మీద కుడి చెయ్యి వేసి నిమరాలి. పక్కటెముకలు అలా గరుకుగా తగిలితే పశువు చిక్కినట్టు. పిడికిలి విప్పి చెయ్యి చాపి, దాని వెనకవైపు నిమిరితే ఎలా ఉంటుందో అలా తగిలితే తుదిమెరుగు వచ్చినట్టు. చెయ్యి తిప్పి బొటనవేలి కింది మెత్తటి కండ నిమిరినట్టుంటే కొవ్వు మితిమీరినట్టు. డ్వేన్ రోజూ సాయంత్రం గవర్నరు పక్కన నిలబడి కళ్ళు మూసుకుని పక్కటెముకలు నిమిరేవాడు. అతను అంత శ్రద్ధగా ఏ ప్రాణినైనా తాకడం నేను చూడలేదు. ఆ వేళకు పక్కనే పగ్గం పట్టుకుని లినెట్ ఉండేది.

రాడెమాకర్ మొదటిసారి వచ్చినప్పుడు కోడె చుట్టూ తిరిగి చూశాడు. తరువాత కోడె పక్కన నిలబడ్డ దాన్ని చూశాడు.

"కోడెకు వంక పెట్టేందుకేం లేదు డ్వేన్. పక్కన నిలబడేది కొంచెం సన్నగా ఉంటే ఇంకా బాగుండేది. జడ్జి కన్ను కూడా కన్నేగా. పక్కది చిన్నదైతే ఇది పెద్దదవుతుంది. పోయినేడు నా చేతికింద ఒక బుడ్డోడు ఉన్నాడు, గుప్పెడంత. వాడి పక్కన కోడె ఏనుగల్లే కనపడింది!"

"ఏం చేస్తాం? మాది ఈ ఏడాది జానెడు సాగింది. కట్టేసి ఆపలేం గదా!" అన్నాడు డ్వేన్.

అందరూ నవ్వారు. లినెట్ కూడా నవ్వింది.

ఆ సాయంత్రం నుంచి లినెట్ రాత్రి భోజనం కంచం పట్టుకుని కొట్టంలోకి పోవడం మొదలుపెట్టింది. గవర్నరుతో కలిసి తింటానంది. తల్లిదండ్రులు మురిసిపోయారు. పశువుకూ పిల్లకూ అనుబంధం కుదరడం పెంపకంలో ఉత్తమ దశ అని కమిటీ వారి కరపత్రంలోనే ఉంది. నేను కంచె దుంగ మార్చడానికి వెళ్ళి ఆ అనుబంధాన్ని కళ్ళారా చూశాను. కార్లీన్ చేసిన మొక్కజొన్న రొట్టె, వెన్న రాసిన కండె, తీపి కేకు ముక్క అన్నీ లినెట్ చొక్కా జేబులోంచీ కంచంలోంచీ ఒక్కొక్కటే గవర్నరు నోట్లోకి పోతున్నాయి. అతను కంచం కూడా నాకాడు. ఖాళీ కంచం చూసి కార్లీన్, "చూశావా, గాలి మారితే ఆకలేస్తుంది!" అని సంతోషించింది.

గవర్నరు ఒళ్ళు చేశాడు. దాణా దుకాణం యజమాని తన కొత్తరకం దాణా మహిమ అన్నాడు. కోడె ఫోటో దుకాణం ముందు వేలాడదీశాడు. ఫోటోలో పగ్గం పట్టుకున్న పిల్ల చెయ్యి భుజం వరకే ఉంది. అంచు కుదరక మిగతాది కత్తిరించారు.

నేను మాట్లాడేవాణ్ణి కాను. అయినా ఒకనాడు కొట్టంలోకి పోయి తమ్ముడితో అన్నాను.

"డ్వేన్, మేత ముట్టట్లేదురా."

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో దాణా డబ్బా కింద పడేశాడు.

"ఎప్పట్నుంచి? పేడ చూశావా? పలచగా ఉందా? ఉండు, డాక్టరుకి ఫోన్ చేస్తా!"

"గవర్నరు కాదు. లినెట్."

వాడు గోడకు ఆనుకుని ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య! గుండె ఆగినంత పని చేశావు గదా అన్నయ్యా. కోడేమో అనుకున్నా. ఈ వయసు ఆడపిల్లలు అంతేలే. ఎండలకి తిండి సయించదు." అప్పటికే చెయ్యి మళ్ళీ గవర్నరు పక్కటెముకల మీదికి వెళ్ళిపోయింది.

కార్లీన్‌తోనూ అన్నాను. ఆమె డ్రయ్యరు ఆపకుండానే కేక వేసింది.

"ఏంటి బావగారూ?"

"పిల్ల చిక్కిపోయింది."

"అవునండీ! పోయినేడు కొన్న చొక్కాయే సరిపోయింది. చొక్కా ఖర్చు మిగిలింది!"

పెరిగే పిల్ల పోయినేటి చొక్కాలో ఇమిడింది. తల్లికి అది పొదుపుగా కనిపించింది. ఇక నా దగ్గర మాటలు అయిపోయాయి. మా వంశంలో మాటలు తక్కువ, కోడెలు ఎక్కువ.

సంత ఆగస్టులో వచ్చింది. సంత అన్నప్పుడల్లా వచ్చే ఎండ కూడా వచ్చింది. ప్రారంభ సభలో కమిటీ అధ్యక్షుడు మైకు పట్టుకుని, "మన బిడ్డలను చూడండి! రేపటి దేశానికి ఎరువు వీళ్ళే!" అన్నాడు. విత్తనం అనబోయి అన్నాడేమో తెలియదు. చప్పట్లు మాత్రం గట్టిగానే కొట్టారు.

పెద్ద కోడెల తరగతి పిలిచారు. నేను గేటు తీశాను. లినెట్ మెడ దాకా బొత్తాలు పెట్టిన నల్లచొక్కాలో, ఛాతీ మీద అంకెతో, చేతిలో బెత్తంతో లోపలికి వచ్చింది. ఆమె వెనక గవర్నరు నల్లమబ్బులా కదిలి వచ్చాడు. రాడెమాకర్ చెప్పింది అక్షరాలా నిజం. ఆ పిల్ల పక్కన ఆ కోడె ఏనుగే.

జడ్జి వరస వెంట వచ్చి గవర్నరు దగ్గర ఆగాడు. టోపీ సర్దుకున్నాడు. కళ్ళు మూసుకుని, దూరం నుంచి ఏదో వింటున్నవాడిలా పక్కటెముకల మీద చెయ్యి పరిచాడు. బరి అంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు లినెట్ చేతిలో బెత్తం జారింది. తరువాత పగ్గం జారింది. తరువాత లినెట్ జారి రంపపు పొట్టు మీద పడింది.

మా కౌంటీ మగవాళ్ళ చురుకుతనం ఎంతని చెప్పను! ఆరుగురు ఒక్క దూకుతో బరి కంచె దాటారు. ఆరుగురూ పగ్గమే పట్టుకున్నారు. వాళ్ళల్లో మొదటివాడు మా తమ్ముడు.

నిజానికి పట్టుకోవలసిన అవసరం లేదు. గవర్నరు కదల్లేదు. తల వంచి, పడిపోయిన పిల్ల చొక్కా జేబు వాసన చూస్తూ నిలబడ్డాడు. రొట్టె ఉండే జేబు అది.

గేటు తీయడం, మూయడం నా పని. ఆ ఒక్కసారి గేటు వదిలేసి లోపలికి వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాను. గేటు గొళ్ళెం తియ్యడానికే అంతకంటే ఎక్కువ బలం పెట్టాలి.

ప్రథమ చికిత్స డేరాలో నర్సు ఆమెను పడుకోబెట్టి, మెడ దగ్గర బొత్తాలు విప్పి, నుదుటి మీద తడిగుడ్డ వేసింది. కార్లీన్ ఆయాసపడుతూ వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. పగ్గాన్ని రాడెమాకర్ చేతిలో భద్రంగా పెట్టాక డ్వేన్ కూడా వచ్చాడు. బయట జడ్జి ఉపన్యాసం మొదలైంది. డేరా గుడ్డలోంచి ప్రతి మాటా వినపడుతోంది.

"ఈ కోడెను చూడండి! వెన్ను బల్లపరుపు. నడకలో నిబ్బరం. అంత గందరగోళంలోనూ బెదరని శాంత స్వభావం!"

డ్వేన్ మంచం అంచున కూర్చున్నాడు. ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలియనట్టు కాసేపు చూశాడు. ఆ చేతికి అలవాటైన చోటు ఒక్కటే. కూతురి పక్కటెముకల మీద పెట్టాడు.

"పక్కటెముకల మీద చెయ్యి వేసి చూశాను, సోదరులారా! సమంగా, నిండుగా! పోషణ తెలిసిన ఇంట్లో పెరిగిన ప్రాణి అని చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది!"

డ్వేన్ చెయ్యి ఆగింది. తీసి ఎడమ చెయ్యి పిడికిలి బిగించాడు. దాని కణుపుల మీద కుడి చెయ్యి వేసి మెల్లగా నిమిరాడు. మళ్ళీ లినెట్ మీద పెట్టాడు. మళ్ళీ పిడికిలి. ఆ విద్యలో వాడికి పొరపాటు జరగదు.

లినెట్ కళ్ళు తెరిచింది.

"పగ్గం వదిలేశాను నాన్నా."

"పోనీలేమ్మా."

"పెద్దగా కనపడ్డాడా?"

"ఎవరు?"

"గవర్నరు. నా పక్కన పెద్దగా కనపడ్డాడా నాన్నా?"

నేను ముందే చెప్పాను గదా, మా వంశంలో మాటలు తక్కువని. డ్వేన్ బిగించిన పిడికిలి అలాగే నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బయట జడ్జి, "కనుక నేను ఈ కోడెకు..." అన్నాడు. తరువాతి మాట చప్పట్లలో కలిసిపోయింది. డ్వేన్ లేవలేదు.

మర్నాడు కొట్టంలోని ఏసీ మేడ మీది కిటికీకి తిరిగి వెళ్ళింది. కమిటీ కూడా ఊరుకోలేదు. జరిగిన సంఘటనపై తీవ్ర విచారం వెలిబుచ్చుతూ అత్యవసరంగా సమావేశమై, ఏకగ్రీవంగా కొత్త నిబంధన చేర్చింది: "ప్రదర్శనలో పాల్గొను బాలబాలికలు పడిపోదలచిన పక్షమున, ముందుగా పగ్గమును బాధ్యత గల పెద్దలకు అప్పగించవలెను." బోర్డు మీది అక్షరాలకు ఒక ఏడాది ముందే మళ్ళీ రంగు వేయించింది.

ఈ సంగతి నేను గింజల గోదాము దగ్గర కాఫీ తాగేటప్పుడు చెప్పాను, చర్చి మెట్ల మీద అడిగినవాళ్ళకు చెప్పాను, క్షౌరశాలలో గడ్డం గీసేవాడికి చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు మాట్లాడలేదు. అందరూ శ్రద్ధగా విన్నారు. తల ఊపారు. "అయ్యో పాపం" అన్నారు. ఒక నిమిషం మర్యాదగా నేల చూశారు. ఆ తరువాత అడిగారు: "ఇంతకీ గవర్నరుకు ఏ స్థానం వచ్చింది?"

"పిల్ల ఇప్పుడు తింటోందా?" అని ఒక్కరే అడిగారు. ఆయన పశువుల డాక్టరు. తింటోంది, కొంచెం కొంచెంగా, తండ్రి ఎదురుగా కూర్చుంటే, అని చెప్పాను.

మీకు రెంటిలో ఏది తెలుసుకోవాలనిపించిందో నేను అడగను. మీరే గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకోండి. గుండె దాకా పోయే ముందు పక్కటెముకలు తగులుతాయి. కాస్త నిమిరి చూసుకోండి, తుదిమెరుగు బాగానే వచ్చి ఉంటుంది.