చందూలాల్ డిస్కోద్ధరణము

వినుడు, జనులారా, వినుడు! ఆ సెల్‌ఫోన్లు కాసేపు పక్కనబెట్టి మరీ వినుడు! గోదావరీ వరదోదక పరిక్షాళిత తీరసమీపమున, టేకు తునికి వృక్షసంకుల భద్రాచలారణ్య సీమాంతమున, బొగ్గులారీల ధూళిధూసరిత మార్గపార్శ్వమున వెలసిన ఒకానొక తండాయందు, కార్తీకమాసమున, ఆదివారమున, ఉదయము పది గంటలకు, కరెంటు ఉన్నట్టి శుభముహూర్తమున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పుచున్నాను.

వీరుడెవరందురా? చందూలాల్! ముప్పదియెనిమిదేండ్లు మణుగూరు గనులలో బొగ్గు డంపరును తోలి రిటైరైన మహారథుడు. అట్టి ధీరుని గుండెలో నలుబదియేండ్లుగా ఒక ముల్లు. కాలనీ క్లబ్బు హాలులో ఒక మధ్యాహ్నము ఇంగ్లీషు కారుపందెముల సినిమా వేసిరి. అందు తెల్లకారు తోలు బక్కపలుచని పిల్లవాడు కడపటి మలుపున గిరగిర తిరిగి, గడ్డిమోపులను గుద్ది, పొగలో మునిగిన క్షణముననే రెండో షిఫ్టు సైరను మ్రోగెను. మస్టరులో హాజరు తప్పునన్న భయమున హాలు హాలంతయు లేచి పరుగెత్తెను. పిల్లవాడు బతికెనా, చచ్చెనా? చూచినవాడు ఒక్కడును లేడు. మరునాడు రీలుడబ్బా మరో ఊరికి పోయెను.

ఆ చిత్రరాజము ఇన్నాళ్లకు సరికొత్త మెరుగులు దిద్దుకొని, ఇంట చూచుకొను డిస్కుగా విడుదలయ్యెను. అల్లుడు కోటేష్ ఖమ్మం నుండి డిస్కును, దానిని ఆడించు పెట్టెను బస్సు పార్సిలులో పంపి, ఫోను చేసి, "పోరడు బతికిండో లేదో నెట్‌ల చూసి చెప్పాల్నా మామా?" అనెను.

"నోరు తెరిచినవంటే మా గడప తొక్కకు! నా కండ్లతోని నేనే చూస్త!" అని మామ గర్జించెను.

ఇక ధర్మపత్ని గోరి. ఆ ఇంట ఏ కొత్త వస్తువును ఆమె చేతి పసుపుకుంకుమలు లేక పనిలో దిగినది లేదు. సైకిలు, మిక్సీ, కడకు కరెంటు మీటరు సైతము బొట్టు పెట్టించుకొన్నవే. భర్త టీవీకి తీగలు కలుపుచుండగా ఆ సాధ్వి డిస్కును చేతబట్టెను. ఒకవైపు ముచ్చటైన కారు బొమ్మ. దానిని ఖరాబు చేయుటకు చేతులు రాక, రెండవవైపునకు త్రిప్పి, అద్దమువలె తళతళలాడు ఖాళీ జాగాలో పసుపు దట్టముగా రాసి, మూడు కుంకుమబొట్లు పెట్టి, ఆరిన పిమ్మట భక్తితో పెట్టెలో ఉంచెను.

పెట్టె గుర్రుమనెను. మూలిగెను. తెరపై "నో డిస్క్" అని తేల్చివేసెను.

అంత చందూలాల్ క్రోధారుణలోచనుడై, "ఓరీ యంత్రాధమా! ముప్పదియైదు టన్నుల డంపరును మోకాలిలోతు బురదలో నడిపిన నా ముందరా నీ కుప్పిగంతులు? మ్రింగి మ్రింగలేదందువా? కక్కుము!" అని పలికెను. నిజము చెప్పవలెనన్న, ఆయన అన్నది "ఓర్నీ, లోపట పెడితే లేదంటదేంది?" అని మాత్రమే. కొంత పెంచితిని, ఏమనుకొందురు?

డిస్కు బయటపడెను, పచ్చగా, ఎర్రగా.

"ఏందే గోరీ గిది!"

"కొత్త సామాన్ గదయ్యా. దిష్టి తగలకుండ పెట్టిన."

"బొమ్మ దిక్కు పెట్టరాదు?"

"గంత మంచిగున్న కారు మీద ఎట్ల పెడ్తనయ్యా, ఎనక అంత జాగ ఉండంగ!"

ఈ తర్కమును ఖండించువాడు ముల్లోకములలో లేడు. చందూలాల్ కోటేష్‌కే ఫోను చేసెను.

"సబ్బునీళ్లు పెట్టి, నడిమి నుంచి అంచుకు తుడువు మామా. గుండ్రంగ తిప్పినవంటే గీతలు పడ్తయ్, సినిమా పోయినట్టే!"

అయ్యో, డంపరు అద్దమును ముప్పదియెనిమిదేండ్లు గుండ్రముగా తుడిచిన చేయి అది! లుంగీ అంచు తడిపి తాకించినంతనే తన దారిన తాను చక్రభ్రమణము చేసెను. గర్రుమని సన్నని గీత పడెను. "అయిపాయె! పోరడు నా చేతులల్లనే సచ్చిండు!" అని చందూలాల్ కుర్చీలో కూలబడెను. కండ్లలో నిజముగనే నీళ్లు తిరిగినవి.

అప్పుడు లేచినది గోరి! మూలనున్న బస్తాలో ఆ ఏటి తొలి ఏరుడు పత్తి రెండు గుప్పిళ్లు తీసి, గింజలొలిచి, సబ్బునీట ముంచి, నడిమి నుండి అంచునకు, నడిమి నుండి అంచునకు, ఊపిరి బిగబట్టి తుడిచెను. కుంకుమ కాళ్లబేరమునకు వచ్చెను. పసుపు చాలసేపు పోరాడి తుదకు పత్తిని పచ్చజేసి పారిపోయెను.

"లే, పెట్టు. పెట్టిన చెయ్యే తీసింది," అనెను గోరి.

పెట్టె గుర్రుమనెను. ఆడెను!

రెండు గంటలు ఆడిన పిమ్మట ఆ మలుపు రానే వచ్చెను. తెల్లకారు తిరిగెను, గుద్దెను, పొగ. చందూలాల్‌కు తెలియకుండగనే కాళ్లు చెప్పులలో దూరినవి. గోరి భుజము పట్టి ఆపెను. "యాడికయ్యా? సైరన్ లేదు, ఏం లేదు. కూసో."

పొగ పలుచనయ్యెను. ఒక చేయి కనబడెను. ఒక తలకాయ. పోరడు బయటికి పాకి, దగ్గి, ప్యాంటు దులుపుకొనెను. అప్పటికే పదమూడు కార్లు గెలుపు గీత దాటినవి. ఈతడు సొట్టకారును భుజముతో నెట్టుకొనుచు వచ్చుచుండెను. "నూకు బిడ్డా, నూకు!" అని చందూలాల్ ఎగిరెను, దుమికెను, తండా అదరునట్లు ఈలవేసెను.

"అందరికన్న ఎనక వచ్చిండు గదా, గంత సంబురమేంది?"

"ఎనకైతే ఏందే! ఇంటికి పోతడు గదా!"

ముప్పదియెనిమిదేండ్లు షిఫ్టు విడిచిన వేళకు గడపలో నిలబడి ఎదురుచూచిన గోరి లేచి, పసుపుచేతులతో చప్పట్లు కొట్టెను.

కావున జనులారా, పద్నాలుగు కార్లలో మనవారిది పద్నాలుగవ స్థానము. జయము! జయము! దిగ్విజయము!