వెల్లర్‌స్టాడ్ పొగకు రామన్నవలసలో బస

వెల్లర్‌స్టాడ్ నగరపు పొగ మంగళవారం ఉదయం పది నలభైకి ఆర్టీసీ బస్సులో రామన్నవలస చేరి, బోణం నూకరత్నం టిఫిన్ దుకాణం గుమ్మంలో నిలబడింది. రావలసింది ఆదివారం. యూరప్‌లో ఆదివారాలు పొగ ప్రయాణం చేయదని, సోమవారం శ్రీకాకుళంలో బస్సు తప్పిపోయిందని దాంతో వచ్చిన కాగితాల్లో రాసి ఉంది. దానికి మనిషి టికెట్టు కొట్టాలా, లగేజీ టికెట్టు కొట్టాలా అని కండక్టరు కాసేపు ఆలోచించి, సీటేమీ ఆక్రమించలేదు కనక లగేజీ కొట్టాడు. దారి పొడవునా ప్రయాణికులు దగ్గారు గానీ, పెళ్ళిళ్ళ రోజుల్లో రద్దీ కంటే ఇదే నయమనుకుని సర్దుకున్నారు.

వ్యవహారం ఐదేళ్ళ కిందట మొదలైంది. వెల్లర్‌స్టాడ్ నగరం పొగ లేకుండా ఎదగాలని తీర్మానించుకుంది. ఎదగడం అనుకున్నట్టే జరిగింది. పొగ మాత్రం తగ్గలేదు. ఇలాంటి నగరాల కోసం అక్కడి పెద్దలు ఒక విధానం తెచ్చారు. కర్బనం తగ్గించే కొత్త ఆలోచన ఎవరు చేసినా ఒంటరిగా చేయకూడదు. పరిశోధనలో ఏనాడూ పాల్గొనని ప్రాంతం ఒకటి జతగా ఉండి తీరాలి. మొదట్లో అలాంటి ప్రాంతాలు ఆ ఖండంలోనే దొరికేవి. నాలుగేళ్ళు తిరిగేసరికి అన్నీ ఏదో ఒకదాంట్లో పాల్గొనేశాయి. పాల్గొనని ప్రాంతాలకు కరువొచ్చింది. వెతగ్గా వెతగ్గా రామన్నవలస కనిపించింది. అది దేంట్లోనూ పాల్గొనలేదని ధ్రువీకరించడానికి జిల్లా కేంద్రంలో ప్రాంతీయ పరిశోధనా భాగస్వామ్య కార్యాలయం తెరిచి, గేదెల సింహాద్రి అనే జూనియర్ అసిస్టెంటును అందులో కూర్చోబెట్టారు.

సింహాద్రి సర్వేకి వచ్చినప్పుడు నూకరత్నం దుకాణంలోనే నాలుగిడ్లీలు తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ చుట్టూ చూశాడు. గోడలు తెల్లగా ఉన్నాయి. పొయ్యి మండుతోంది గానీ పొగ లేదు.

అది ఊక పొయ్యి. ఇనప డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక పోసి మడమతో తొక్కి, రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి లాగితే గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. కింద పక్కన కన్నంలోంచి నిప్పు పెడతారు. ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన పొయ్యే. నూకరత్నం చేసిందల్లా కిందనే ఇంకో కన్నం వేసి, ఊకను తడిపొర, పొడిపొర చొప్పున తొక్కడం. ఆ కన్నం ఎక్కడ వేయాలో తేలడానికి పదకొండేళ్ళు పట్టింది. అంత పట్టుదల ఎందుకంటే ఆమె భర్త దాలినాయుడికి ఉబ్బసం. జనపనార మిల్లులో ముప్పై ఏళ్ళు పీల్చిన నుసి గుండెల్లో పిల్లికూతలై మిగిలిపోయింది. పొగ సోకితే మనిషి విలవిల్లాడిపోతాడు. ఇప్పుడు పొయ్యి పక్కనే ముక్కాలి పీట వేసుకుని, పచ్చడి రుబ్బుతూ, పెళ్ళాన్ని విసిగిస్తూ కూర్చుంటున్నాడు. ఆమెకు కావలసిందీ అదే.

"పొగేది పిన్నీ?" అన్నాడు సింహాద్రి, ఫారం తీసి.

"నేదు బాబూ."

"లేదంటే ఎలా? ఇప్పుడెంత ఉంది, మూడేళ్ళలో ఎంత తగ్గిస్తారు అని గడి ఉంది."

"ముందే తగ్గించీసేను గదా."

"ఎవర్నడిగి తగ్గించేరు?"

 నిజమే, నూకరత్నం ఎవర్నీ అడగలేదు. సింహాద్రి గడిలో సున్నా వేస్తే కంప్యూటరు తీసుకోలేదు. సున్నాను తగ్గించడం కుదరదు. అందుచేత ఆ దుకాణం పొగ విషయంలో వెనకబడి ఉందని, తగ్గించుకునేందుకు వీలుగా తగినంత పొగ ముందుగా సమకూర్చవలసిందని అతను పైకి రాశాడు. పైవాళ్ళు వెంటనే స్పందించారు. వెల్లర్‌స్టాడ్ దగ్గర ఉన్నదే పొగ.

మంగళవారం ఎండ మండిపోతోంది. గుమ్మంలో నిలబడ్డ పొగను చూసి నూకరత్నం చేసిన పని ఒక్కటే. ఎండనపడి వచ్చిన ఎవరికైనా ఇచ్చినట్టే చెంబుతో మంచినీళ్ళిచ్చింది. పొగ చెంబు చుట్టూ ఓసారి తిరిగి లోపలికి వచ్చింది. పొగతో వచ్చిన ఒప్పంద పత్రం చివర, స్థానిక ఆచారాలకు గౌరవమిచ్చే అనుబంధంలో, నీళ్ళందుకున్న భాగస్వామి ఇంటిలోని వారితో సమానమనీ, తనంతట తాను సెలవు తీసుకునే వరకు పొమ్మనరాదనీ ఉంది.

"నీల్లిచ్చీసేవా?" అన్నాడు దాలినాయుడు, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"గుమ్మంలోకొచ్చినోడికి ఇయ్యకేటి సేత్తాను?"

"ఎవడని సూసుకోవద్దేటే?"

"ఎండలో వొచ్చినాడని సూసేను."

పొగకు మర్యాద తెలుసు. దూలం కింద పడమటి మూల దాని చోటు. ఉదయం తొమ్మిదింటికి పరుచుకుని సాయంత్రం ఐదుకు, దుకాణం కట్టేసే వేళకు, ముడుచుకునేది. మధ్యాహ్నం ఒక గంట బయటికి పోయి తిరిగొచ్చేది. శని, ఆదివారాలు దుకాణం మొహం చూసేది కాదు. తెల్లవారుజామున దుకాణం తెరిచే ఐదు నుంచి తొమ్మిది వరకూ గాలి మామూలుగానే ఉండేది. ఆ నాలుగు గంటలూ, ఆ రెండు రోజులూ దాలినాయుడు లోపలే. అంతమాత్రం దొరికిందే పదివేలని నూకరత్నం ఎవరికో తెలియని దండం ఒకటి పెట్టుకునేది.

పొగ పరుచుకున్న వేళల్లో అతని మంచం అరుగు మీదికి మారింది. విధానంలో ఎదుగుదల కూడా భాగమే కనక పొగ నెలనెలా ఎదిగింది. మంచం రోడ్డు దాటి సైకిల్ షాపు చూరు కిందికి వెళ్ళింది. తర్వాత బస్టాపుకు వెళ్ళింది. అక్కణ్ణుంచి అతను ఉప్పు తక్కువైనా పులుపు ఎక్కువైనా చెయ్యెత్తి చూపేవాడు, కారం ఎక్కువైతే రెండు చేతులూ ఎత్తేవాడు. తినకుండా ఎలా తెలుస్తుందని ఎవరో అడిగితే, తింటున్నవాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తుందన్నాడు.

ఆగస్టులో పొగ నెల్లాళ్ళు సెలవు పెట్టింది. యూరప్‌లో అది రివాజు. ఆ నెలంతా దాలినాయుడు పొయ్యి పక్క పీట కదల్లేదు. సెప్టెంబరు ఒకటిన పొగ విశ్రాంతి తీసుకుని, ఒళ్ళు చేసి తిరిగొచ్చింది. ఆ వారం దాలినాయుడి పెదవులు నీలం తిరిగాయి. నూకరత్నం పొయ్యి ఆర్పి, మొదటిసారిగా పనిరోజున దుకాణం మూసి, జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

సింహాద్రి ఓపిగ్గా విన్నాడు.

"పొగ గురించి ఫిర్యాదు రాసుకుంటాను పిన్నీ. ఆయాసానికి మాత్రం గడి లేదు."

"గడి నేకపోతే మనిషి సచ్చిపోవాల్నా?"

"దానికీ లేదు."

అన్నాడే గానీ సింహాద్రి చెడ్డవాడు కాదు. తన వంతు కాఫీ ఆమెకిచ్చి, నిబంధనల పుస్తకం మొదటినుంచీ తిరగేశాడు. రెండు వందల పద్నాలుగో పేజీలో దారి దొరికింది. భాగస్వామ్యం ఒకవైపే ఉండకూడదు. పొగ ఇక్కడికి వచ్చింది గనక అక్కడ చిమ్నీ మీద దాని చోటు ఖాళీగా ఉంది. ఆ చోటును భాగస్వామ్య ప్రాంతం నుంచి ఒకరు భర్తీ చేయాలి. అభ్యర్థి పొగ కంటే బరువుండవచ్చు.

"అక్కడ గాలెలాగుంటాది?" అంది నూకరత్నం.

"శుభ్రంగా ఉంటుంది. పొగంతా మీ దగ్గరే ఉంది కదా."

దాలినాయుడు రెండు రోజులు వద్దన్నాడు. మూడో రోజు మాట్లాడే ఊపిరి లేక వద్దనలేదు. బస్టాపులో నుంచే బస్సెక్కాడు.

"పచ్చట్లో సింతపండు మరీ ఎక్కువెయ్యకు," అన్నాడు కిటికీలోంచి.

"ఇన్నాల్లూ ఎక్కువేసీదాన్నేటి? సెప్పవేం?"

"సెయ్యెత్తేను. నువ్వు సూడ్నేదు."

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. "నూకీ, చిమ్నీ మీద కూర్చోబెట్టారు. నేను బాగున్నాను. పిల్లికూతలు పోయాయి. రాత్రి వెల్లకిలా పడుకుంటున్నాను, నువ్వు చూస్తే నమ్మవు. రోజూ పదకొండింటికి జనం వచ్చి తలెత్తి నన్ను చూసి, పొగ లేదని రాసుకుని వెళుతున్నారు. కింద ఫ్యాక్టరీ మామూలుగానే నడుస్తోంది. పుట్టిన పొగను పుట్టినట్టే మూటకట్టి ఎక్కడికో పంపిస్తున్నారు. మాట్లాడ్డానికే ఎవరూ లేరు. మన పొగోడెలా ఉన్నాడు?"

నూకరత్నం ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. వెల్లకిలా అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగింది. తర్వాత మాట్లాడ్డానికే ఎవరూ లేరన్న చోట ఆగింది. అప్పటికి ఆమెకూ దగ్గు పట్టుకుంది.

మళ్ళీ జిల్లా కేంద్రానికి వెళ్ళేసరికి కార్యాలయం ముందు వరస రోడ్డు మలుపు దాకా ఉంది. దాలినాయుడి సంగతి ఊరంతా పాకింది. ఇంట్లో ఆయాసగాళ్ళున్న ప్రతివాళ్ళూ, తమ మనిషిని అక్కడికి పంపడానికి, ఒక పొగ కోసం దరఖాస్తు పట్టుకుని నిలబడ్డారు. "మాయమ్మది మరీ గట్టి ఆయాసం బాబూ, కొంచిం పెద్ద పొగ సూడండి," అని ఎవరో బతిమాలుతున్నారు. ఆయాసం లేనివాళ్ళకు కూడా, పొగ వచ్చాక అదే వస్తుందని సింహాద్రి ధైర్యం చెబుతున్నాడు.

"నానూ ఎల్తాను బాబూ, ఆయన దగ్గిరికి," అంది నూకరత్నం.

"పొగకో సీటు పిన్నీ. నువ్వెళ్ళాలంటే రెండో పొగను దించుకోవాలి."

"దించుకుంటాను. మరి దుకాణం?"

"ఆరు నెలలు దాటిన పొగ స్థానికుల కిందే లెక్క. దుకాణాన్నీ, రెండోదాన్నీ అదే చూసుకుంటుంది. ఊక తొక్కడం నేర్పు."

నేర్పింది. తడిపొర, పొడిపొర, రెండో కన్నం, రోకలి తిప్పే తీరు. పొగ వారంలో నేర్చుకుంది. పొగ రాకుండా పొయ్యి వెలిగించడంలో ఆమె కంటే నేర్పరి అనిపించుకుంది. వాడుక గిరాకీ ఏమీ తగ్గలేదు. కళ్ళు తుడుచుకుంటూ తింటున్నారు.

చివరి కాగితం మీద సంతకానికి పిలిచినప్పుడు ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. రెండో పొగను ఎందుకు కోరుకుంటున్నారు అన్న ప్రశ్న ఎదుట సింహాద్రి కలం పట్టుకుని ఆగాడు. నూకరత్నం చెప్పబోయింది. దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక ఇంకోటి వచ్చింది. వెనక వరసలో వాళ్ళు కూడా అందుకున్నారు. సింహాద్రి కాసేపు చూసి, ఆమెకు శ్రమ ఇవ్వడం ఇష్టంలేక, గడిలో తనే పూర్తిచేశాడు: స్వచ్ఛందంగా.

"అంతే కదా పిన్నీ?"

ఆమె తలూపింది.